మారుతి 800కి ఆర్‌పీఎం మీటర్ పెట్టిన, తక్కువ చూపిస్తుంది ఎందుకు?

పాలమూరు800:
అన్నలకు నమస్తే. మాది మహబూబ్‌నగర్, 1998 మోడల్ మారుతి 800, కార్బొరేటర్ బండి. దీంట్ల ఆర్‌పీఎం మీటర్ (ఇంజన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో చూపించేది) రాలే, మా మామ ట్రాక్టర్‌కి ఉంది గానీ నా కారుకి లేదు 😀 మన్ననూర్ దాటి శ్రీశైలం పోయేటప్పుడు ఘాట్‌ల ఏ గేర్‌కి ఇంజన్ ఎంత తిరుగుతుందో చూద్దామని బయటి మీటర్ ఒకటి కొని పెట్టిన. వెనక స్విచ్ మీద 4, 6, 8 అనే ఉన్నయి, 3 లేదు, నాదేమో మూడు సిలిండర్ల బండి. దగ్గరదని 4 మీద పెడితే స్లోల (యాక్సిలరేటర్ తొక్కకుండ) 650, 700 మధ్యల చూపిస్తుంది, కానీ ఇంజన్ సౌండ్ వింటే అంత తక్కువ లేదు. పైగా ముల్లు ఒక్కోసారి ఎగిరెగిరి పడుతుంది. మీటరే ఖరాబ్ అంటరా?

నల్గొండ_ఆటోఎలక్ట్రికల్:
మీటర్ మంచిగనే ఉంది తమ్మీ, లెక్క తప్పుతుంది అంతే. ఒక్కో సిలిండర్‌ల రెండు చుట్లకు ఒక్కసారి ప్లగ్ కొడ్తది, మీటర్ ఆ సిగ్నళ్లనే లెక్క పెడ్తది. నాలుగు సిలిండర్లైతే చుట్టుకు రెండు సిగ్నళ్లు, ఆరైతే మూడు, నీ దానికి ఒకటిన్నర. 4 మీద పెడితే అసలు దాంట్ల ముప్పావు వంతే చూపిస్తది, అంటే 4000 తిరిగితే 3000 అంటది. స్విచ్ 6 మీద పెట్టు, సరిగ్గా సగం వస్తది, రెండింతలు చేసుకో. 3 సెట్టింగ్ ఉన్న డిజిటల్ మీటర్లు కూడా దొర్కుతయి గానీ ఉన్నది పారేసుడు ఎందుకు. ముల్లు ఎగురుడు వేరే కథ, సిగ్నల్ వైర్ ఎటు నుంచి తెచ్చినవ్?

పాలమూరు800:
ప్లగ్‌లకు కరెంటు ఇచ్చే కాయిల్ మైనస్ నుంచే తీసిన అన్న, ప్లగ్ వైర్ల పక్కనుంచి టై కట్టి తెచ్చిన, చూడనీకి నీట్‌గ ఉంటదని.

నల్గొండ_ఆటోఎలక్ట్రికల్:
గదే! ప్లగ్ వైర్ల నుంచి దూరం జరుపు, ఎర్త్ కూడా పెయింట్ గీకి బాడీకి గట్టిగ బిగించు. లోపలికి తెచ్చే రంధ్రంల రబ్బర్ బుష్ ఉందా లేదా చూసుకో, ఆ వైర్ రాసుకొని తోలు పోయి బాడీకి తగిలిందంటే కాయిల్ పని చెయ్యదు, ఇంజన్ అక్కడికక్కడే బంద్, అదీ ఘాట్‌ల. ఎర్ర వైర్ ఇగ్నిషన్ ఆన్ చేస్తేనే కరెంటు వచ్చే చోట, చిన్న ఫ్యూజ్‌తోని ఇవ్వు. మీటర్ లోపలి లైట్ వైర్ పార్కింగ్ లైట్‌కి కలుపు. ఇవన్నీ చేసే ముందల బ్యాటరీ మైనస్ తీసెయ్. వైర్ల రంగులు కంపెనీకో తీరు ఉంటయి, డబ్బాల కాగితం చూసే కలుపు.

మిర్యాల_సుమో:
మధ్యల వస్తున్న అన్నలు, నాది పాత డీజిల్ సుమో, నాకు కాయిలే లేదు కదా, ఇదే మీటర్ పని చేస్తదా?

నల్గొండ_ఆటోఎలక్ట్రికల్:
డీజిల్‌కి ఆల్టర్నేటర్ (బ్యాటరీ ఛార్జ్ చేసేది) మీద డబ్ల్యూ టెర్మినల్, అంటే దాని తిరుగుడును బట్టి సిగ్నల్ ఇచ్చే పిన్ను, ఉంటే దాన్నుంచి తీస్తరు, దానికి డీజిల్ మీటర్ వేరే దొర్కుతది, పుల్లీ సైజును బట్టి సెట్ చేసేది. కాయిల్‌ది పనికిరాదు.

దేవరకొండ_డ్రైవర్:
నాకు తెలిసి ఇదంతా అనవసరం తమ్ముడూ, ఇంజన్ మొత్తుకుంటే గేర్ మార్చాలె, గుంజకపోతే దించాలె, గంతే. మీటర్ చూసుకుంట ఘాట్ ఎక్కితే మలుపు ఎవడు చూస్తడు?

పాలమూరు800:
నిజమే అన్న, అందుకే స్టీరింగ్ మీద గాకుండ అద్దం పక్క పిల్లర్‌కి పెడుతున్న, స్పీడ్ మీటర్ కూడా కనిపియ్యాలె కదా. నల్గొండ అన్న చెప్పినట్టే 6 మీద పెట్టిన, స్లోల 450 చూపిస్తుంది, అంటే 900, సౌండ్‌కి సరిపోయింది. వైర్ ప్లగ్ దిక్కు కాకుండ బ్యాటరీ దిక్కు నుంచి తిప్పిన, ముల్లు ఎగురుడు ఆగింది. బుష్ మాత్రం ఇంక దొర్కలే, ఇక్కడ న్యూ టౌన్ దిక్కు ఎక్కడన్న దొర్కుతదా?