అప్‌డేట్: ట్రావెల్ సాకర్ కమిట్‌మెంట్ సంతకం పెట్టాక క్లబ్ మారడం - రిలీజ్ వచ్చింది

అమెరికాలో మావాడు ట్రావెల్ సాకర్ (వేరే ఊళ్లకి కూడా వెళ్లి ఆడే పిల్లల క్లబ్ ఫుట్‌బాల్) ఆడతాడు. డిపాజిట్ కట్టి, కమిట్‌మెంట్ ఫారం (సీజనంతా ఆ క్లబ్‌కే ఆడతాడనే ఒప్పందం) మీద సంతకం పెట్టాక వాణ్ణి వేరే క్లబ్‌కి మార్చొచ్చా, మిగతా వాయిదాలు కట్టాలా అని అడిగాను. తేలిపోయింది. సలహా ఇచ్చినవాళ్లందరికీ థ్యాంక్స్.

కోచ్‌ని వదిలేసి క్లబ్ రిజిస్ట్రార్‌కి (ప్లేయర్ల రిజిస్ట్రేషన్ చూసేవాళ్లకి) ఈమెయిల్ పెట్టమన్న మాటే పనిచేసింది. టీమ్‌లో ఎవరుండాలో కోచ్ చెప్తాడు గానీ రిలీజ్ (ప్లేయర్‌ని క్లబ్ వదిలేస్తున్నట్టు ఇచ్చే అనుమతి) ఇచ్చేది రిజిస్ట్రారే. మా ఫారం ప్రకారం, కొత్త సీజన్ రోస్టర్‌లో (టీమ్ ప్లేయర్ల అధికారిక జాబితాలో) పేరు ఎక్కకముందైతే రాతపూర్వకంగా తప్పుకుంటే చాలు. ఎక్కాక రిలీజ్ తప్పనిసరి, బాకీ ఉంటే ఆపుతారు. మావాడి పేరు అప్పటికే ఎక్కింది. డిపాజిట్ పోయింది. ఖాళీ అయిన చోటుకి ఇంకో ప్లేయర్ వస్తే మిగతా ఫీజు మాఫీ అనే క్లాజు ఉండబట్టి మిగతా వాయిదాలు కట్టాల్సిన పని లేకపోయింది. ఈ క్లాజు అన్ని క్లబ్బుల్లో ఉండదు, సంతకానికి ముందే వెతకండి.

రిలీజ్ చేతికొచ్చేదాకా కొత్త క్లబ్ రోస్టర్‌లో చేర్చలేదు, 'వాళ్లే చూసుకుంటార్లే' అనుకోవద్దు. ఆటోపే కూడా విడిగా ఆపించాలి, రిలీజ్‌తో దానంతటదే ఆగదు.

పిల్లాడు మైనర్ కాబట్టి ఫారం చెల్లదన్న వాదన ఇక్కడ పనికిరాలేదు, సంతకం తల్లిదండ్రులది. 2026-27 సీజన్ నుంచి ఇక్కడి చాలా యూత్ సాకర్ లీగుల్లో ఏజ్ గ్రూప్ పుట్టినతేదీ లెక్క ఆగస్టు 1తో మొదలవడానికీ దీనికీ సంబంధం లేదు. అది ఏ టీమ్‌లో ఆడతాడన్నదే మారుస్తుంది.