ఆదివారం చేసిన కైమా ఉండలు బుధవారం లంచ్ బాక్సులో పెట్టొచ్చా?

కూకట్‌పల్లి అమ్మ

ఈ వారం మా ఇంట్లో గొడవంతా దీని గురించే. మీ అందరి మాటా వినాలని ఇక్కడ పెడుతున్నాను.

పాప మూడో తరగతి, బాబు యూకేజీ. నేను ఎనిమిదింటికల్లా ఆఫీసుకు బయల్దేరాలి. పొద్దున్నే మాంసం కడిగి వండే టైమ్ ఉండదు. అందుకని రెండు నెలలుగా ఆదివారం అర కిలో చికెన్ కైమాతో ఉండలు చేసి ఫ్రీజర్‌లో పెట్టేస్తున్నాను. సోమవారం, బుధవారం వేడి చేసి బాక్సుల్లో సర్దుతాను. మిగతా రోజులు గుడ్డో, పప్పో, సెనగలో.

కైమాలో ఒక క్యారెట్ తురుము, గుప్పెడు మునగాకు, మూడు చెంచాల పుట్నాల పప్పు పొడి, ఒక గుడ్డు, అల్లం వెల్లుల్లి, మిరియాలు, కాస్త ధనియాల పొడి. ఉప్పు తక్కువే వేస్తాను. క్యారెట్ తురుమును గట్టిగా పిండి నీళ్ళు తీసేయాలి, లేకపోతే ఉండ నిలవదు. పెద్ద ఉసిరికాయంత చేస్తే పాతిక దాకా వస్తాయి. నూనెలో ముంచి వేయించను. గుంట పొంగనాల పెనంలో గుంటకు అర చెంచా నూనె వేసి, మూత పెట్టి, రెండు వైపులా తిప్పి కాలుస్తాను. మా పాప మునగాకు కూరగా పెడితే ముట్టదు, ఇందులో మాత్రం గమనించకుండా తినేస్తుంది.

మొన్న మా అత్తయ్య ఊరి నుంచి వచ్చారు. ఫ్రీజర్ తెరిచి, "నాలుగు రోజుల నాటి మాంసం పసిపిల్లలకు పెడతావా?" అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పిల్లల మీద ఆవిడకున్న భయం నాకు అర్థమవుతుంది. కానీ నేను చేసేది తప్పు కాదనే నమ్ముతున్నాను. మీరేమంటారు?

బెజవాడ బామ్మ

అమ్మాయ్, మీ అత్తగారి మాట కొట్టిపారెయ్యకు. మా చిన్నాడి బారసాలకు పెద్ద డేగిసాలో మటన్ వండించాం. రాత్రి మిగిలింది. మూత పెట్టి పొయ్యి మీదే వదిలేశాం. పొద్దున మళ్ళీ వేడి చేసుకుని తిన్నాం. మధ్యాహ్నానికి పదకొండు మందికి వాంతులు, విరేచనాలు. బాలింతను కాబట్టి నేనొక్కదాన్నే తినలేదు. పిల్లవాణ్ణి ఒళ్ళో వేసుకుని ఒక్కొక్కరికీ ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు పట్టాను. మాంసం ఏ పూటది ఆ పూటే. ఇప్పటికీ నా మాట అదే.

విశాఖ నాన్న

బామ్మగారూ, రాత్రంతా పొయ్యి మీద ఉన్న డేగిసా, గడ్డకట్టించిన ఉండ రెండూ ఒకటెలా అవుతాయండీ? ఫ్రీజర్‌లో పెట్టిన క్షణానే దాని వయసు ఆగిపోయినట్టు లెక్క. పొద్దున అయిదింటికి లేచి, ఆఫీసూ ఇల్లూ చూసుకునే ఆడవాళ్ళ మీద "ఏ పూటది ఆ పూటే" అనే నియమం కూడా పెడితే చివరికి పిల్లల బాక్సుల్లోకి వెళ్ళేది బిస్కట్లూ, ఇన్‌స్టంట్ నూడుల్సూ. మా ఇంట్లో వంట నాదే, కాబట్టి తెలిసే చెబుతున్నాను.

ల్యాబ్ అక్క

నేను మైక్రోబయాలజీ చదివాను, పదేళ్ళుగా ఆహార పరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. ఇద్దరి మాటల్లోనూ నిజం ఉంది. కానీ అసలు ప్రమాదం ఎక్కడుందో ఇంకా ఎవరూ చెప్పలేదు.

మైనస్ 18 డిగ్రీల దగ్గర సూక్ష్మజీవులు చావవు, పెరగడం ఆగిపోతుంది. కాబట్టి పూర్తిగా ఉడికి, త్వరగా చల్లారి, గడ్డకట్టిన ఉండకు ఆదివారమైనా బుధవారమైనా ఒకటే. సింగిల్ డోర్ ఫ్రిజ్ పై అరలో మంచు పేరుకుపోయి ఉంటే మాత్రం ఆ చలి నమ్మకంగా ఉండదు. వారంలోపు వాడేయండి. కరెంటు పోయి ఉండలు మెత్తబడి, చల్లదనం కూడా పోతే వాటిని పారెయ్యాలి.

బామ్మగారి ఇంట్లో ఆ రోజు ఏం జరిగిందో ఇప్పుడు పరీక్ష చేసి చెప్పలేను. కానీ నాకు కనబడేది ఇదీ: పెద్ద డేగిసా, మూత, రాత్రంతా గోరువెచ్చగా. కొన్ని సూక్ష్మజీవుల బీజాలు ఉడుకుకు కూడా చావవు. కూర నెమ్మదిగా చల్లారుతుంటే అవి మేలుకుని గంటల్లో లక్షలవుతాయి. పొద్దున వేడి చేసినప్పుడు అంచులు కుతకుతలాడినా అంత గిన్నెలో నడిమధ్య వెచ్చబడి ఊరుకుంటుంది. పైగా చేతుల నుంచి చేరే ఒక రకం సూక్ష్మజీవి వదిలే విషం మరిగించినా పోదు. అంటే అక్కడ హాని చేసింది మాంసం వయసు కాదు, అది గోరువెచ్చగా గడిపిన సమయం.

ఇప్పుడు కూకట్‌పల్లి అమ్మగారికి నా ప్రశ్న. ఏడున్నరకు వేడి చేసి స్టీలు డబ్బాలో పెట్టిన ఉండను మీ పాప ఎన్నింటికి తింటుంది? 5 డిగ్రీలకూ 60 డిగ్రీలకూ మధ్య వండిన మాంసం రెండు గంటలకు మించి ఉండకూడదు. బయట 32 డిగ్రీలు దాటితే ఆ గడువు ఒక్క గంటే. మీరు బెంగ పెట్టుకోవాల్సింది ఆదివారం నుంచి బుధవారం దాకా గడిచిన రోజుల గురించి కాదమ్మా, బుధవారం పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా గడిచే ఆ అయిదు గంటల గురించి.

కూకట్‌పల్లి అమ్మ

పన్నెండు నలభైకి తింటుంది అక్కా. ఇది నేనెప్పుడూ లెక్క వేయలేదు. ఏ పూటకా పూట తాజాగా వండి పెట్టినా అదే డబ్బాలో అదే అయిదు గంటలు కదా?

ల్యాబ్ అక్క

సరిగ్గా అదే. పొద్దున ఆరింటికి తాజాగా వండిన చికెన్‌కు కూడా ఇదే వర్తిస్తుంది. అందుకే "తాజాగా వండు" అన్న సలహా ఒక్కటే పిల్లల్ని కాపాడదు.

గుంటూరు కోడలు

నేను వేరే పద్ధతి చెబుతాను. ఉండలు చుట్టి పచ్చివే ఫ్రీజర్‌లో పెట్టండి. పొద్దున తీసి పెనం మీద వేస్తే తాజా రుచి. రెండుసార్లు వండితే చికెన్ రబ్బరులా అవుతుంది.

ల్యాబ్ అక్క

రుచి విషయంలో మీ మాట ఒప్పుకుంటాను. కానీ పొద్దున హడావుడిలో గడ్డకట్టిన ఉండను పెనం మీద వేస్తే పైన ఎర్రబడుతుంది, లోపల పచ్చిగా ఉండిపోతుంది. ముక్క మాంసంలో సూక్ష్మజీవులు ఎక్కువగా పైపైనే ఉంటాయి. కైమా కొట్టేటప్పుడు అవి లోపలంతా కలిసిపోతాయి. చికెన్ కైమా నడిమధ్య 74 డిగ్రీలు తాకాలి, మటన్ అయితే 71. ఆదివారం తీరిగ్గా పూర్తిగా ఉడికించి, వెడల్పాటి పళ్ళెంలో దూరం దూరంగా పరిచి ఫ్యాను కింద ఆరబెట్టి, వేడి తగ్గగానే ఫ్రీజర్‌లో పెట్టడమే మేలు. వండాక రెండు గంటల లోపు లోపలికి వెళ్ళిపోవాలి. సగం కాల్చి దాచడం మాత్రం ఎవరూ చెయ్యకండి.

గుంటూరు కోడలు

రాత్రే ఫ్రిజ్ కింది అరలోకి దించుకుంటే పచ్చివైనా పొద్దునకు మెత్తబడతాయి, మూత పెట్టి పది నిమిషాలు నిదానంగా కాలిస్తే లోపల దాకా ఉడుకుతాయి. నేను మూడేళ్ళుగా చేస్తున్నాను. మా పిల్లలు రెండోసారి వేడి చేసినవి తినరు. తినని ఉండ ఎంత శుభ్రంగా ఉన్నా ఏం లాభం?

డాలస్ నుంచి

ఇక్కడ మా వాడి బడిలో పిల్లలకు మైక్రోవేవ్ అందుబాటులో లేదు. నేను చల్లగానే పంపుతాను. ఫ్రిజ్‌లోంచి తీసిన ఉండలు, ఇన్సులేటెడ్ సంచి, కిందొక ఐస్ ప్యాక్, పైనొకటి. చికెన్ అయితే చల్లగానూ తింటాడు. మటన్ మాత్రం కుదరదు, చల్లారిన కొవ్వు తెల్లగా పేరుకుని అంగిటికి అతుక్కుంటుంది.

కడప పెసరట్టు

ఎవరూ అడగని ప్రశ్న నేను అడుగుతాను. బడికి మాంసం అసలెందుకు? పెసరపప్పు వడలు, ఉడికించిన గుడ్డు, వేరుశనగ చిక్కీ పెడితే ఈ మాంసం గొడవే ఉండదు కదా. కొన్ని బడుల్లో మాంసం బాక్సులు ఒప్పుకోరు కూడా.

కూకట్‌పల్లి అమ్మ

మా పాపకు నిరుడు హిమోగ్లోబిన్ తక్కువ వచ్చిందండీ, అందుకు. సిరప్ తాగితే కడుపునొప్పి అని ఏడ్చేది. మాంసంలో ఉండే ఐరన్ ఒంటికి తేలిగ్గా పడుతుందని, ఆకుకూరల్లోది అంతగా పట్టదని డాక్టరమ్మ చెప్పారు. 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వేలో అయిదేళ్ళ లోపు పిల్లల్లో రక్తహీనత తెలంగాణలో 70 శాతం, ఆంధ్రలో 63 శాతం అని చదివి భయపడ్డాను. మా పాప వయసుకు రోజుకు 15 మిల్లీగ్రాముల ఐరన్ కావాలని మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. అయిదు ఉండలతో అదంతా రాదని తెలుసు. కానీ వాటితోపాటు నిమ్మరసం పిండిన సెనగలో, ఒక జామకాయ ముక్కో పెడితే పప్పులో, మునగాకులో ఉన్న ఐరన్ కూడా బాగా పడుతుందట. మీ వడలూ పెడతాను. ఇది మానను.

కడప పెసరట్టు

పాప సంగతి తెలియక అడిగానమ్మా. ఐరన్ కోసమే అయితే చికెన్ కంటే మటన్ మంచిది. దాన్ని రాత్రి భోజనంలో ఇంట్లోనే వేడివేడిగా పెట్టమని నా సలహా. బడికి గుడ్డు చాలు. ఈ మాట మీద నేను నిలబడతాను.

కర్నూలు టీచర్

బాక్సులు మా కళ్ళ ముందే తెరుస్తారు కాబట్టి రెండు మాటలు. మా దగ్గర బ్యాగులన్నీ వరండాలో వరసగా ఉంటాయి. పదకొండు తర్వాత అక్కడ ఎండ నేరుగా పడుతుంది. మీరు ఏ డబ్బా పంపినా, బ్యాగు ఎక్కడ పెడుతున్నారో పిల్లల్ని ఒకసారి అడగండి. రెండోది, ఎల్‌కేజీ, యూకేజీ పిల్లలకు గుండ్రటి ఉండలు పంపకండి. మాట్లాడుతూ, నవ్వుతూ మింగేస్తారు, గొంతుకు అడ్డం పడుతుంది. బిళ్ళల్లా ఒత్తి కాల్చండి, లేదా నాలుగు ముక్కలు చేసి పెట్టండి.

విశాఖ నాన్న

ల్యాబ్ అక్క మాట విన్నాక నిద్ర పట్టక, కేకుల కోసం కొన్న థర్మామీటరు తీసి మూడు రోజులు చూశాను. ప్రతి రోజూ ఏడూ ఇరవైకి సర్ది, పన్నెండు నలభైకి తెరిచి, ఉండ నడిమధ్యలోకి గుచ్చాను.

మామూలు స్టీలు డబ్బా: 33 డిగ్రీలు. అంటే గది వేడే. ముట్టుకుంటే వెచ్చగా కూడా లేదు.

ఫ్లాస్కు డబ్బా, ఊరికే అయిదు ఉండలు వేసి మూత పెట్టినది: 44. నాకు గుండె జారింది, ఎందుకంటే ఏడాదిగా ఇలాగే పంపుతున్నాను. వాసన బాగుంది, రుచి బాగుంది, ఏ తేడా తెలియదు.

మూడో రోజు ఫ్లాస్కులో మరిగే నీళ్ళు పోసి పది నిమిషాలు మూత పెట్టి ఉంచాను. ఈలోగా ఉండల్ని టమాటా గ్రేవీలో వేసి కుతకుతలాడించాను. నీళ్ళు పారబోసి, వెంటనే ఉండలూ గ్రేవీ అంచు దాకా నింపాను, ఖాళీ లేకుండా. 62.

ఒక ఇంట్లో, ఒక ఫ్లాస్కుతో చూసింది మాత్రమే, మీ డబ్బాతో మీరు చూసుకోండి. పొడి ఉండలకు వేడి నిలవదు, గ్రేవీ ఉంటేనే నిలుస్తుంది, డబ్బా నిండుగా ఉంటేనే నిలుస్తుంది.

ల్యాబ్ అక్క

చాలా మంచి పని చేశారండీ. మూతకు ఉండే రబ్బరు వలయాన్ని రోజూ విడిగా తీసి కడగండి, గ్రేవీ దాని కిందే చేరుతుంది.

బెజవాడ బామ్మ

ఈ థర్మామీటరు లెక్క నాకు నచ్చింది. డేగిసా సంగతి ఇన్నేళ్ళకు అర్థమైంది. మాంసం మంచిది కాదేమో, కసాయివాడు మోసం చేశాడేమో అనుకుంటూ వచ్చాను. పాపం, అతని దగ్గర మళ్ళీ ఎప్పుడూ కొనలేదు. ఫ్లాస్కుకు ఒప్పుకుంటాను. కానీ అమ్మాయ్, యూకేజీ వాడికి ఆ మూత తీయడం వస్తుందా? తీస్తే ఆ వేడి గ్రేవీ ఒళ్ళో పోసుకోడూ?

కూకట్‌పల్లి అమ్మ

రాదు బామ్మగారూ, నిన్న ఇంట్లో తీయమని చూశాను. రెండు చేతులతో పట్టుకుని పొట్టకు ఆనించుకుని తిప్పుతున్నాడు. వాడికి బడికి గుడ్డూ పెసర వడే. సాయంత్రం ఇంటికి రాగానే రెండు బిళ్ళలు వేడి చేసి నేనే తినిపిస్తాను. పాపకు సోమ, బుధవారాలు ఫ్లాస్కు. మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలైతే బాక్సే ఉండదు, ఇద్దరూ ఇంట్లోనే తింటారు.

మీరు రాసినవన్నీ అత్తయ్యకు చదివి వినిపించాను. "అయితే డబ్బా నేను నింపుతాను, మరిగిందో లేదో నేను చూస్తాను" అన్నారు. పచ్చివి దాచాలా, వండినవి దాచాలా అన్న దగ్గర మాత్రం ఆవిడ గుంటూరు కోడలి వైపే.