ఇంట్లో కట్టిన 12ఏఎక్స్7 గిటార్ ప్రీఆంప్, హమ్ పోవట్లేదు

తీగలమోత
అందరికీ నమస్కారం. రెండు 12ఏఎక్స్7 వాల్వులతో (పాతకాలం రేడియోల్లోలా గాజు బల్బుల్లాంటివి) గిటార్ సిగ్నల్ పెంచే ప్రీఆంప్ కట్టాను, మూడు నెలలు పట్టింది. 230 నుంచి 12 వోల్టులకి దించే ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి, ఆ 12తో వాల్వుల లోపలి హీటర్లు వెలిగిస్తూనే అదే 12ని ఇంకో ట్రాన్స్‌ఫార్మర్‌కి తిరగేసి ఇచ్చాను, ఆ తర్వాత ఏసీని డీసీ చేసే డయోడ్ బ్రిడ్జి, 47 మైక్రోఫారడ్ 450 వోల్టుల కండెన్సర్లు. మొదటి కండెన్సర్ మీద 264 వోల్టులు వస్తోంది. రెసిస్టర్లు వాల్వు ప్లేటుకి 100కె (కిలో ఓమ్‌లు), కేథోడ్‌కి 1.5కె, అందరూ వేసేవే. డబ్బా పాత స్టెబిలైజర్‌ది. మొదటిసారి తీగ మీటగానే ఒళ్లు పులకరించింది, ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కానీ వాల్యూమ్ సగం దాటితే బుర్ర్‌మని ఒకటే మోత. ఈ హమ్ ఎక్కడిది, ట్రాన్స్‌ఫార్మర్ మార్చాలా, స్టెబిలైజర్ డబ్బా పనికొస్తుందా, ట్రెబుల్ ఎంత తిప్పినా ముక్కుతో పాడినట్టు వస్తోంది దానికేం చేయాలి? ఇంకో మాట, త్రీ పిన్ ప్లగ్గులో ఎర్త్ వైరు ఊడదీస్తే హమ్ సగానికి సగం తగ్గింది. అలా వదిలేయొచ్చా?

కోటి_గల్లీ
ట్రాన్స్‌ఫార్మర్ల సంగతి నన్నడుగు. హైదరాబాద్ కోటిలో గుజరాతీ గల్లీ అంతా తిరిగాను, రెడీమేడ్‌గా 250 వోల్టుల సెకండరీ ఎక్కడా దొరకలేదు. 12-0-12 అయితే ఎన్ని కావాలంటే అన్ని. చివరికి వైండింగ్ చేసే ఒక పెద్దాయన దగ్గర చుట్టించుకున్నాను, 230కి ఒకటి, 12.6కి ఒకటి. ప్రైమరీకి సెకండరీకి మధ్య షీల్డ్‌గా రాగి రేకు ఒక చుట్టు వేసి దాని కొస బయటికి తీయమని చెప్పాను, రేకు రెండు కొసలు ఒకదానికొకటి తగలకూడదని పక్కనే నిలబడి చెప్పాల్సి వచ్చింది. తగిలితే అది షార్ట్ అయిన చుట్టు, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. ఇప్పటికి రెండేళ్లు, వేడి కూడా ఎక్కదు.

స్తుతి_స్ట్రింగ్స్
ఎర్త్ తీసేయి బ్రదర్, ఏమీ కాదు. మా చర్చిలో ఆరేళ్లుగా నా ఆంప్‌కి ఎర్త్ లేదు. పెడితే మిక్సర్‌తో కలిసి గుయ్‌మంటుంది, తీస్తే నిశ్శబ్దం. ప్రతి ఆదివారం వాయిస్తున్నాను.

విశాఖ_ట్రయోడ్
పైన రాసింది దయచేసి ఎవరూ పాటించొద్దు. ఎర్త్ ఊడదీసిన ఆంప్‌తోనే నాకు షాక్ కొట్టింది. గిటార్ తీగలు వాటిని ఆనించే గిటార్ బ్రిడ్జి కింద వైరు ద్వారా జాక్‌కి, జాక్ నుంచి డబ్బాకి కలిసి ఉంటాయి. లోపల ట్రాన్స్‌ఫార్మర్ లీకైతే ఆ డబ్బా, ఆ తీగలు, వాటి మీదున్న నా వేళ్లు అన్నీ కరెంటులోకి వచ్చేస్తాయి. పాడదామని మైకు దగ్గరికి నోరు తీసుకెళ్లాను, పెదవి మీద నిప్పురవ్వ పడ్డట్టయింది, తల వెనక్కి విసిరికొట్టింది. మైకు మిక్సర్ ద్వారా ఎర్త్ అయి ఉంది, నా గిటార్ లేదు, మధ్యలో నేను. పెదవి మీద నల్ల మచ్చ నెల రోజులుంది. ఆరేళ్లుగా ఏమీ కాలేదంటే ఆ ట్రాన్స్‌ఫార్మర్ ఇన్సులేషన్ ఆరేళ్లుగా బాగుందని, అంతే.

స్తుతి_స్ట్రింగ్స్
అంత కోపం ఎందుకు. నేను అనుభవం చెప్పాను. అసలు మా ఊళ్లో సగం ఇళ్లల్లో త్రీ పిన్ సాకెట్ వెనక ఎర్త్ వైరే ఉండదు, మూడో బెజ్జం అలంకారానికే. అక్కడ ప్లగ్గులో ఎర్త్ ఉంచితే ఏంటి, తీస్తే ఏంటి?

విశాఖ_ట్రయోడ్
అయితే ముందు ఎర్తింగ్ వేయించండి! లేనిదాన్ని చూపించి ఉన్నదాన్ని పీకేయమంటారా? ఇక్కడ కుర్రాడి డబ్బాలో 264 వోల్టుల డీసీ ఉంది. కోపం కాదు ఇది, భయం.

పాతరేడియో
ఇద్దరూ ఆగండి. నేను 1979 నుంచి వాల్వు రేడియోలు బాగుచేస్తున్నాను, ఈఎల్84, ఈసీహెచ్81 ఎన్ని మార్చానో లెక్కలేదు. ఎర్త్ ఉందో లేదో చూడ్డానికి మేం చేసేది ఒకటే, 60 వాట్ల బల్బు హోల్డర్ తీసుకుని ఒక వైరు ఫేజుకి, ఒకటి ఎర్త్‌కి పెట్టడం. న్యూట్రల్‌తో వెలిగినంత వెలుగు రావాలి. మసగ్గా వెలిగితే ఎర్త్ గుంటలో ఉప్పు, బొగ్గు వేసి నీళ్లు పోయాల్సిన టైమొచ్చినట్టు.

విశాఖ_ట్రయోడ్
గురువు గారూ, మీ అనుభవానికి దండం, కానీ ఆ బల్బు పరీక్ష ఇప్పుడు ఇంట్లో వాళ్లకి చెప్పకండి. ఆర్సీసీబీ (ఎర్త్‌కి కరెంటు లీకైతే ఆపేసే స్విచ్) ఉన్న ఇంట్లో అలా పెడితే వెంటనే ట్రిప్ అవుతుంది. లేని ఇంట్లో అయితే, ఎర్త్ సరిగా లేకపోతే బల్బు ద్వారా ఆ ఫేజు ఇంటి ఎర్త్ వైరు మొత్తానికి ఎక్కుతుంది, అదే సమయంలో ఎవరైనా ఫ్రిజ్ తలుపు పట్టుకుంటే? పైగా 60 వాట్ల బల్బు తీసుకునేది పావు ఆంపు. అది వెలిగినంత మాత్రాన ఫాల్ట్ వచ్చినప్పుడు ఫ్యూజు కొట్టేసేంత కరెంటు ఆ ఎర్త్ మోస్తుందని కాదు.

పాతరేడియో
నలభై ఏళ్లకి పైగా ఆ బల్బుతోనే పని చేశాను నేను. నువ్వు మీటర్ పట్టుకోకముందే నేను చేతి వెనక వైపుతో ఛాసిస్ (లోహపు డబ్బా) తాకి చెప్పేవాణ్ని లీకేజీ ఉందో లేదో.

విశాఖ_ట్రయోడ్
అది మీకు తెలిసిన విద్య. ఇక్కడ చదివే పదిహేడేళ్ల కుర్రాడికి తెలియదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఇన్సులేషన్ కొలిచే మెగ్గర్‌తో, ఎర్త్ టెస్టర్‌తో చూపించుకోమనండి, అదే చెప్పాల్సిన మాట.

పాతరేడియో
సరే, ఆ ఒక్క మాట ఒప్పుకుంటాను. కుర్రాళ్లు చేయొద్దు. కానీ ఇంకోటి అందరూ వినండి. స్విచ్ ఆపాక కూడా కండెన్సర్‌లో కరెంటు నిలవుంటుంది. నా చెయ్యి ఒకసారి మోచేతి దాకా గంటసేపు తిమ్మిరెక్కింది. మొదటి కండెన్సర్ మీద 220కె ఒక వాట్ రెసిస్టర్ శాశ్వతంగా పడేయండి, నిమిషంలో ఖాళీ అవుతుంది. ఆ తర్వాత కూడా మీటర్ పెట్టి చూశాకే చెయ్యి పెట్టాలి, రెండో చెయ్యి జేబులో.

తీగలమోత
ఎర్త్ మళ్లీ బిగించేశాను. 220కె కూడా వేశాను, థాంక్యూ సార్. హమ్ మాత్రం అలాగే ఉంది.

న్యూజెర్సీ_శ్రీ
హమ్‌ని చెవితోనే పట్టుకోవచ్చు. మీ దగ్గర కరెంటు 50 హెర్ట్జ్. ఆరో తీగ మీద మూడో ఫ్రెట్ జీ, అది 98 హెర్ట్జ్. ఆ స్వరంతో హమ్ దాదాపు కలిసిపోతే అది 100, అంటే బ్రిడ్జి తర్వాత పవర్ సప్లై లేదా గ్రౌండింగ్ సంగతి. అదే జీకి దాదాపు ఒక ఆక్టేవ్ కింద వినిపిస్తే 50, అంటే హీటర్ వైర్లు గానీ, ట్రాన్స్‌ఫార్మర్ అయస్కాంత క్షేత్రం గానీ. మా దగ్గర 60 హెర్ట్జ్ కాబట్టి పవర్ సప్లై హమ్ 120, బీకి కాస్త కింద పడుతుంది. నేనైతే గిటార్ ఆంప్ కోసమే చేసిన ట్రాన్స్‌ఫార్మర్ తెప్పించుకున్నాను, 12ఏఎక్స్7లు కూడా స్లొవేకియావి, రష్యావి ఏవి కావాలంటే అవి రెండు రోజుల్లో గుమ్మంలో ఉంటాయి.

కోటి_గల్లీ
శ్రీ గారూ, జీ సంగతి బంగారం లాంటి మాట. కానీ ఆ గుమ్మంలో దిగే సంగతి మాకెందుకు చెప్తారు? ఇక్కడ బయటి నుంచి వాల్వు తెప్పిస్తే కస్టమ్స్ డ్యూటీ వాల్వు ధరని మింగేస్తుంది. నేను ఒక జత కోసం ఐదు వారాలు ఎదురుచూశాను, వచ్చినవాటిలో ఒకటి పెన్సిల్‌తో తడితే గంట కొట్టినట్టు ఖంగుమని మోగింది, మైక్రోఫోనిక్. వెనక్కి పంపే ఖర్చుకి ఇంకో వాల్వు వస్తుంది. అందుకే మొదటి స్టేజికి మంచిది ఉంచి ఆ మోగేదాన్ని రెండో సాకెట్‌లో పెట్టాను, అక్కడ గొడవ లేదు.

ఐదుతీగలు
వాల్వుల మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను, ఇక్కడ మాండలిన్‌కి ఎవరైనా కట్టారా? నాది ఐదు తీగల ఎలక్ట్రిక్ మాండలిన్. మాది పాలకొల్లు దగ్గర ఊరు, మాండలిన్ శ్రీనివాస్ గారు పుట్టిన పాలకొల్లు, కాబట్టి మా వైపు ఈ వాయిద్యం మీద ప్రేమ ఎంతో చెప్పక్కర్లేదు. గిటార్ ప్రీఆంప్‌ని ఉన్నదున్నట్టు కడితే గమకం లాగినప్పుడు స్వరం చిట్లుతోంది, శ్రుతి తీగతో కలిస్తే అడుగున లేని స్వరం ఒకటి మోగుతోంది. అది డిస్టార్షన్ అని తెలియడానికి నాకు చాలా కాలం పట్టింది. చివరికి రెండు కేథోడ్‌ల మీదా 22 మైక్రోఫారడ్ బైపాస్ కండెన్సర్లు పీకేశాను, ఒక్కో స్టేజి గెయిన్ (సిగ్నల్‌ని పెంచే మోతాదు) దాదాపు సగం పడిపోయింది, అప్పుడు ఖరహరప్రియలో గాంధారం ఊగితే ఊగినట్టు వినిపించింది.

స్తుతి_స్ట్రింగ్స్
డిస్టార్షన్ వద్దనుకుంటే వాల్వు ఎందుకండీ, ఒక ఐసీ చిప్ వేసుకుంటే పోయేదానికి.

ఐదుతీగలు
ఐసీతో రెండేళ్లు వాయించాక చెప్తున్నాను. గట్టిగా మీటినప్పుడు వాల్వు కొద్దిగా మెత్తబడుతుంది, ఐసీ తెగుతుంది. నా చెవికి అది చాలా పెద్ద తేడా. మీరు ఒకసారి విని అప్పుడు అనండి.

తీగలమోత
శ్రీ గారూ, జీ వాయించి చూశాను. హమ్ దాదాపు దాంతో కలుస్తోంది, కొంచెం పైన. అంటే 100. ఇంకో కండెన్సర్ కలిపి చూశాను, తేడా లేదు.

విశాఖ_ట్రయోడ్
తేడా లేదంటే అది రిపుల్ (డీసీలో మిగిలిపోయే అల) కాదు, గ్రౌండ్ వైరింగ్, అంటే కరెంటు తిరిగి వెళ్లే నెగెటివ్ దారి. ఒక్కటి చెప్పు, మొదటి కండెన్సర్ నెగెటివ్ ఎక్కడ కట్టావు? బ్రిడ్జి నెగెటివ్ ఎక్కడ కట్టావు?

తీగలమోత
బ్రిడ్జి నెగెటివ్ డబ్బాకి బోల్టుతో. కండెన్సర్ నెగెటివ్ ఇన్‌పుట్ జాక్ దగ్గర వైర్లు సోల్డర్ చేసే టాగ్ స్ట్రిప్‌కి, అక్కడ ఖాళీ ఉందని.

విశాఖ_ట్రయోడ్
దొరికింది. కండెన్సర్ నిండేటప్పుడు కరెంటు ఒకే ధారగా పారదు, సెకనుకి 100 సార్లు దెబ్బలు దెబ్బలుగా పడుతుంది. ఆ దెబ్బలన్నీ నీ జాక్ గ్రౌండ్ మీదుగా, డబ్బా రేకు మీదుగా బ్రిడ్జికి తిరిగి వెళ్తున్నాయి. ఆ దారిలో పడే మిల్లీవోల్టుల్ని నీ మొదటి వాల్వు గిటార్ సిగ్నల్ అనుకుని పెంచుతోంది. ఎంత పెద్ద కండెన్సర్ పెట్టినా పోదు, ఇంకా పెరగొచ్చు. బ్రిడ్జి నెగెటివ్ నేరుగా మొదటి కండెన్సర్ నెగెటివ్‌కే పొట్టి వైరుతో కట్టు, దాన్ని డబ్బా నుంచి విప్పేయి. ఆ కండెన్సర్ నెగెటివ్ నుంచి ఒక వైరు రెండో కండెన్సర్‌కి, అక్కడి నుంచి రెండో వాల్వుకి, చివర మొదటి వాల్వుకి, జాక్‌కి. సర్క్యూట్ గ్రౌండ్ డబ్బాకి తగిలేది ఒక్కచోటే, జాక్ దగ్గర. మిగతా జాకులకి ప్లాస్టిక్ వాషర్ వేయి. మెయిన్స్ ఎర్త్ మాత్రం విడిగా, దాని బోల్టు దానికే, పెయింట్ గీకి, స్టార్ వాషర్ వేసి బిగించు.

పాతరేడియో
సరిగ్గా చెప్పాడు. హీటర్ సంగతి కూడా చూసుకో. 12 వోల్టుల రెండు కొసల నుంచి గ్రౌండ్‌కి చెరో 220 ఓమ్‌ల అరవాట్ రెసిస్టర్ కట్టు, హీటర్ వైర్లు జడ అల్లినట్టు గట్టిగా మెలిపెట్టి డబ్బా మూలన పోనీ. పాతకాలం రేడియోల్లో ఊడదీసిన పేపర్ కండెన్సర్లు మాత్రం వాడకు, లీకవుతాయి, వాల్యూమ్ తిప్పితే గరగరమంటుంది.

సోల్డర్_రాజు
హీటర్ గురించి నా నష్టం చెప్తాను. 12ఏఎక్స్7 బదులు 6ఎన్2పీ అనే వాల్వు పనికొస్తుందని చదివి తెప్పించాను. వాల్వు దాదాపు అదే, కానీ హీటర్ పిన్నులు వేరు. 12ఏఎక్స్7కి 4, 5 మధ్య 12.6 వోల్టులు ఇస్తాం, 9 మధ్య కొస. 6ఎన్2పీకి 4, 5 మధ్య ఇవ్వాల్సింది 6.3 మాత్రమే, 9 లోపలి షీల్డ్. నేను చూసుకోకుండా గుచ్చి స్విచ్ వేశాను, వాల్వు దీపావళి మతాబులా తెల్లగా వెలిగి ఆరిపోయింది. కొత్త వాల్వు, పెట్టెలోంచి తీసి పది సెకన్లు కాలేదు.

న్యూజెర్సీ_శ్రీ
ఈ ప్రీఆంప్‌ని కంప్యూటర్ ఆడియో ఇంటర్‌ఫేస్‌కి కలిపేవాళ్లు జాగ్రత్త. రెండో స్టేజి ప్లేటు మీద పదుల వోల్టులు ఊగుతాయి, స్విచ్ వేయగానే సిగ్నల్‌ని బయటికి దాటించే కప్లింగ్ కండెన్సర్ నిండుతూ ఇంకా పెద్ద దెబ్బ పంపుతుంది. నా ఇంటర్‌ఫేస్ ఇన్‌పుట్ ఒకటి అలాగే పోయింది. చివర సిగ్నల్ తగ్గించే 100కె, 4.7కె రెసిస్టర్ల డివైడర్ పెట్టాక ఇంకే సమస్యా రాలేదు.

తీగలమోత
నిన్న రాత్రి పదకొండింటి దాకా కూర్చుని గ్రౌండ్లన్నీ విప్పి మళ్లీ కట్టాను. స్విచ్ వేసి వాల్యూమ్ చివరి దాకా తిప్పి స్పీకర్ దగ్గర చెవి పెట్టాను. సన్నగా సర్ర్ అనే శబ్దం తప్ప ఏమీ లేదు. ఎర్త్ వైరు ఉన్నచోటే ఉంది. అమ్మ వచ్చి కరెంటు పోయిందా అంత నిశ్శబ్దంగా ఉంది అని అడిగింది. ట్రయోడ్ అన్నా, పెద్ద సార్, ఇద్దరికీ చాలా చాలా థాంక్స్. మొదటి వాల్వు కేథోడ్ మీద 1.4 వోల్టులు, ప్లేటు మీద 158 వస్తోంది. ట్రెబుల్ సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు.

స్తుతి_స్ట్రింగ్స్
మా చర్చికి మొన్న ఎలక్ట్రీషియన్‌ని పిలిపించాను. ఎర్త్ గుంట ఎండిపోయి ఉందన్నాడు, కొత్తది తవ్వుతున్నారు. నా ఆంప్ ప్లగ్గు కూడా మార్చాను.

విశాఖ_ట్రయోడ్
చాలా సంతోషం బ్రదర్. ముందు కాస్త గట్టిగా అన్నాను, ఏమీ అనుకోకండి.

కోటి_గల్లీ
తమ్ముడూ, ట్రెబుల్ దగ్గరున్న చిన్న సిరామిక్ కండెన్సర్ మీద ఏం రాసుంది? 221 ఉండాలి, అంటే 220 పికోఫారడ్. 222 ఉంటే అది పది రెట్లు పెద్దది, నాబ్ తిప్పితే ట్రెబుల్‌తో పాటు మిడ్ అంతా వచ్చేస్తుంది, ముక్కుతో పాడినట్టే ఉంటుంది.

తీగలమోత
ఇప్పుడే టార్చి వేసి చూశాను అన్నా. 222.