స్టాలిన్ కాలంలో యూదులు, తాతార్లు, కొరియన్లు: అంతా యుద్ధం వల్లేనా?

పాతపేజీ:

సోవియట్ పుస్తకాల గురించి మాట్లాడుకుంటున్న చోట ఒకరు ఇలా రాశారు: "హిట్లర్ యూదుల్ని చంపితే స్టాలిన్ కాపాడాడు. తాతార్లనూ చెచెన్లనూ తరలించడం యుద్ధంలో తప్పనిసరై చేసిన పని." (ఇక్కడ తాతార్లంటే క్రిమియా ద్వీపకల్పంలోని వాళ్లు, చెచెన్లంటే కాకసస్ కొండల వాళ్లు. రెండూ సోవియట్‌లోని చిన్న ముస్లిం జాతులు.) ఆ చర్చను పాడుచేయడం ఇష్టంలేక ఇక్కడ విడిగా రాస్తున్నాను.

విశాలాంధ్ర వాళ్ల దుకాణంలో చవగ్గా కొన్న మాస్కో పుస్తకాలతో పెరిగినవాళ్లం మనలో చాలామందిమి ఉన్నాం. నాకూ ఆ పుస్తకాలంటే ప్రాణం. కానీ పుస్తకాల మీద ప్రేమ వేరు, చరిత్ర వేరు. "యుద్ధం వల్ల" అనే సాకు తేదీల ముందు నిలబడదని నా వాదన. ఒక మనిషి ఏం చేశాడన్నది పక్కనపెట్టి, ఏ జాతిలో పుట్టాడన్నది చూసి శిక్షించడం యుద్ధానికి ముందే మొదలైంది. యుద్ధం అయిపోయాక మరింత ముదిరింది. ఎవరైనా కాదంటే చెప్పండి, వింటాను.

ఎర్రమందారం:

పాతపేజీ గారూ, ఆ మాట రాసింది నేనే. పేరు పెట్టి అడిగినా ఏమీ అనుకునేవాణ్ణి కాదు.

మీరు మొదటి ఇరవయ్యేళ్లు వదిలేశారు. జార్ల కాలంలో యూదులు ఫలానా జిల్లాల్లోనే ఉండాలని కట్టడి ఉండేది. ఊచకోతలు జరిగేవి. విప్లవం వచ్చాక ఆ కట్టడి పోయింది. యూదుల భాష యిడ్డిష్‌లో బడులు, పత్రికలు, మాస్కోలో ప్రభుత్వ ఖర్చుతో యూదుల నాటకశాల వచ్చాయి. 1934లో దూర ప్రాచ్యంలోని బిరోబిజాన్‌లో యూదులకు స్వయంపాలిత ప్రాంతం ఇచ్చారు. యూదు ద్వేషం నరమాంస భక్షణ లాంటిదని 1931లో స్టాలినే అన్నాడు. కగనోవిచ్ యూదుడు, చివరిదాకా పైస్థాయి నాయకత్వంలోనే ఉన్నాడు. 1945 జనవరి 27న నాజీల మారణ శిబిరం ఆష్విట్జ్ తలుపులు తెరిచింది ఎర్రసైన్యమే కదా!

ఇక తాతార్ల సంగతి. క్రిమియాలో జర్మన్లు కట్టిన దళాల్లో కొందరు తాతార్లు చేరిన మాట నిజం. దేశం చావుబతుకుల్లో ఉంది. అమెరికా 1942లో దాదాపు లక్షా ఇరవై వేల మంది జపాన్ మూలాలవాళ్లను శిబిరాల్లో పెట్టింది. దాన్ని ఎవరూ నియంతృత్వం అనరు. ఇక్కడికి వచ్చేసరికి మాత్రం కొలత మారిపోతుంది.

కోనసీమ కుర్రాడు:

పాప్‌కార్న్ తెచ్చుకున్నా. మందారం అన్నా, జపాన్ వాళ్ల పాయింట్ బాగుంది.

పాతపేజీ:

మందారం గారూ, మీరు చెప్పిన మొదటి ఇరవయ్యేళ్ల సంగతి ఒప్పుకుంటాను. నిజానికి నా అసలు మాట అక్కడి నుంచే మొదలవుతుంది, దానికి మళ్లీ వస్తాను. ముందు తేదీలు చూద్దాం.

1937 ఆగస్టు 21. సోవియట్ దూర ప్రాచ్యంలోని సరిహద్దు జిల్లాల కొరియన్లందర్నీ తరలించాలని తీర్మానం. తర్వాతి నెలలో మిగతా జిల్లాలకూ దాన్ని విస్తరించారు. దాదాపు లక్షా డెబ్బై రెండు వేల మందిని రైళ్లెక్కించి కజకిస్తాన్, ఉజ్బెకిస్తాన్‌లలో దింపేశారు. జపాన్‌కు గూఢచారులవుతారని సాకు చెప్పారు. ఆ కొరియన్లలో చాలామంది జపాన్ పాలన భరించలేక పారిపోయి వచ్చినవాళ్లు. హిట్లర్ సోవియట్ మీదికి రావడానికి ఇంకా నాలుగేళ్లు ఉంది.

అదే నెలలో, ఆగస్టు 11న, రహస్య పోలీసు శాఖ ఎన్‌కేవీడీ 00485 నంబరు ఉత్తర్వు ఇచ్చింది. అది పోలిష్ గూఢచారుల పేరుతో జరిగిన వేట. వాళ్ల సొంత లెక్క ప్రకారమే 1,39,835 మందికి శిక్ష పడింది, అందులో 1,11,091 మందిని కాల్చేశారు. విచారణ ఎలా జరిగేదో తెలుసా? జిల్లాల నుంచి పేర్ల జాబితాలు మాస్కోకి వెళ్లేవి, ఇద్దరు అధికారులు సంతకం పెట్టేవారు. ముద్దాయి మొహం చూసిన జడ్జీ లేడు. జర్మన్లు, లాట్వియన్లు, ఫిన్లు, గ్రీకుల మీద కూడా ఇలాంటివే నడిచాయి.

ఇక యుద్ధకాలం. 1944 ఫిబ్రవరి 23న, అంటే ఎర్రసైన్య దినం నాడు, చెచెన్లు, ఇంగుష్‌ల తరలింపు మొదలైంది. దాదాపు అయిదు లక్షల మంది. దగ్గరుండి జరిపించడానికి ఎన్‌కేవీడీ అధిపతి బెరియా చెచెన్ల రాజధాని గ్రోజ్నీ వచ్చాడు. మే 18న క్రిమియా తాతార్ల వంతు. మూడు రోజుల్లో ద్వీపకల్పం ఖాళీ. సుమారు లక్షా తొంభై వేల మంది గూడ్సు రైలు పెట్టెల్లో ఉజ్బెకిస్తాన్ వైపు బయల్దేరారు. వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు. మగవాళ్లు ఎక్కడున్నారు? చాలామంది ఎర్రసైన్యంలో జర్మన్ల మీద పోరాడుతున్నారు. యుద్ధం అయ్యాక ఆ సైనికులను కూడా ప్రవాసానికే పంపారు.

కొందరు జర్మన్లతో చేరారన్నారు. రష్యన్ జనరల్ వ్లాసోవ్ జర్మన్ల వైపు పోయి ఏకంగా సైన్యమే కట్టాడు. దానికి రష్యన్లందర్నీ సైబీరియాకి తోలారా?

అమెరికా చేసింది ఘోరమే. నేను దాన్ని వెనకేసుకు రాను. కానీ యుద్ధం అయ్యాక ఆ శిబిరాలు మూసేశారు, 1988లో క్షమాపణ చెప్పి పరిహారం ఇచ్చారు. సోవియట్‌లో యుద్ధం ముగిసి మూడేళ్లయ్యాక, 1948 నవంబరులో, ఈ ప్రవాసం శాశ్వతమని ఉత్తర్వు వచ్చింది. చెప్పిన చోటు దాటి పారిపోతే ఇరవయ్యేళ్ల కఠిన శిక్ష. అప్పుడు ఏ యుద్ధం నడుస్తోందండీ?

శారద_డల్లాస్:

తాతార్ల గురించి నాకు పెద్దగా తెలియదు, యూదుల భాగం కొంత చదివాను కాబట్టి అది రాస్తాను.

మందారం గారు చెప్పిన ఆ మాస్కో నాటకశాల నడిపింది సొలొమన్ మిఖోయెల్స్. యుద్ధంలో యూదు ఫాసిస్టు వ్యతిరేక కమిటీకి అధ్యక్షుడు. 1943లో సర్కారే ఆయన్ని, కవి ఫెఫర్‌ని అమెరికా పంపింది. ఐన్‌స్టీన్‌ని కలిశారు, ఎర్రసైన్యానికి డబ్బు పోగుచేశారు. 1948 జనవరిలో మిఖోయెల్స్‌ని మిన్స్క్‌లో భద్రతా శాఖ మనుషులు చంపి, లారీ గుద్దినట్టు రోడ్డు మీద పడేశారు. తర్వాత సర్కారే మాస్కోలో ఘనంగా అంత్యక్రియలు చేసింది. ఈ ఒక్క ముక్క చదివి నేను పుస్తకం మూసేసి కాసేపు ఊరుకున్నాను.

ఆ ఏడాది చివర్లో కమిటీని రద్దుచేసి సభ్యుల్ని పట్టుకున్నారు. విచారణ 1952లో, రహస్యంగా. ప్రాసిక్యూటర్ లేడు, వకీలు లేడు. ఆగస్టు 12న 13 మందిని కాల్చేశారు. అందులో పిల్లల కవి క్విత్కో ఉన్నాడు, మార్కిష్, బెర్గెల్సన్ లాంటి యిడ్డిష్ రచయితలున్నారు. ఫెఫర్ లోలోపల పోలీసులకు సమాచారం అందించేవాడు, అతన్నీ వదల్లేదు. బతికి బయటపడింది లీనా స్టెర్న్ ఒక్కరే. సోవియట్ సైన్స్ అకాడమీలో పూర్తి సభ్యత్వం పొందిన మొదటి మహిళ ఆవిడ.

ఇందులో వింతేమిటంటే, విచారణ జరిపిన జడ్జి చెప్త్సోవ్‌కే ఇది బూటకమని అర్థమైంది. కేసు మళ్లీ దర్యాప్తు చెయ్యమని పైవాళ్లను అడిగాడు. నిర్ణయం పైన జరిగిపోయింది, అమలుచెయ్యమని పార్టీ పెద్ద మాలెంకోవ్ చెప్పాడు. అమలైంది.

ఎర్రమందారం:

శారద గారూ, మిఖోయెల్స్ హత్యను నేను సమర్థించను, ఎవరూ సమర్థించలేరు. కానీ దాన్ని బయటపెట్టింది ఎవరు? స్టాలిన్ 1953 మార్చి 5న చనిపోయాడు. నెల తిరిగేసరికి, ఏప్రిల్ 4న, డాక్టర్ల కేసు బూటకమని పార్టీ పత్రిక ప్రావ్దాలోనే వేశారు. అదే పార్టీ, అదే పత్రిక. హిట్లర్ వ్యవస్థను బయటి సైన్యాలు కూలగొట్టాల్సి వచ్చింది, సోవియట్ వ్యవస్థ తన్ను తాను దిద్దుకుంది. ఈ తేడా మీకు చిన్నదిగా కనిపిస్తోందా?

కోనసీమ కుర్రాడు:

డాక్టర్ల కేసు ఏంటో ఎవరైనా చెప్పండి బాబూ, సిలబస్ బయట ప్రశ్న వచ్చింది.

శారద_డల్లాస్:

1953 జనవరి 13న ప్రావ్దాలో వచ్చింది. నాయకుల్ని వైద్యం పేరుతో చంపడానికి కుట్ర చేశారని తొమ్మిది మంది డాక్టర్ల పేర్లు వేశారు, ఆరుగురు యూదులు. ఆ తర్వాత యూదు డాక్టరు దగ్గరికి వెళ్లడానికి రోగులు భయపడే పరిస్థితి వచ్చింది. యూదులందర్నీ సైబీరియాకి పంపడానికి రైళ్లు సిద్ధం చేశారని కూడా అంటారు కదా?

పాతపేజీ:

శారద గారూ, ఆ రైళ్ల మాట వదిలేద్దాం. పాత దస్త్రాలు తెరిచాక కూడా అలాంటి ఉత్తర్వు దొరకలేదు. దాన్ని నమ్మని చరిత్రకారుల్లో యూదు ద్వేషం మీద ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లే ఉన్నారు. ఉన్న రుజువులే చాలు. ఊహను జతచేస్తే ఎదుటివాళ్లు ముందు దాన్నే పట్టుకుంటారు.

మందారం గారూ, "దిద్దుకుంది" అన్నారు. ఎవరి విషయంలో దిద్దుకుంది? 1956లో, స్టాలిన్ తర్వాత పార్టీ నాయకుడైన క్రుశ్చేవ్ తన రహస్య ప్రసంగంలో చెచెన్లు, ఇంగుష్‌లు, కల్మిక్‌లు, కరచాయిలు, బల్కార్ల పేర్లు చెప్పాడు. క్రిమియా తాతార్ల పేరు లేదు, వోల్గా తీరం నుంచి తరలించిన జర్మన్ల పేరు లేదు, కొరియన్ల పేరు లేదు. తాతార్లు గుంపులుగా ఇళ్లకు తిరిగి వెళ్లగలిగింది 1980ల చివర్లో. ఈ తరలింపులన్నీ చట్టవిరుద్ధమని సోవియట్ పార్లమెంటు సుప్రీం సోవియట్ ప్రకటించింది 1989 నవంబరులో. అప్పటికి నలభై అయిదేళ్లు. లీనా స్టెర్న్‌తోపాటు నిలబడ్డ ఆ 13 మందినీ 1955లోనే నిర్దోషులని తేల్చారు, కానీ జనానికి ఆ సంగతి చెప్పడానికి 1980ల చివరిదాకా ఆగారు.

కగనోవిచ్ గురించి: ఒక యూదుడు పైన కూర్చున్నాడు, నిజమే. అదే సమయంలో స్టాలిన్ సన్నిహిత సహచరుడు మొలొటోవ్ భార్య పొలీనా జెమ్‌చుజినాను 1949లో పట్టుకుని ప్రవాసానికి పంపారు. ఆమె యూదు. భర్త పార్టీ అత్యున్నత మండలి అయిన పొలిట్‌బ్యూరోలో కూర్చునే ఉన్నాడు. ఒకరిని కూర్చోబెట్టినంత మాత్రాన మిగతావాళ్లకు రక్షణ దొరకదు.

నేను మళ్లీ వస్తానన్న మాట ఇప్పుడు. ఆ మొదటి ఇరవయ్యేళ్ల మంచి విధానం మనుషుల్ని జాతులవారీగా లెక్కపెట్టింది. బడి ఇవ్వాలంటే, పదవిలో వాటా ఇవ్వాలంటే, ఎవరు ఏ జాతో తెలియాలి కదా. 1932 చివర్లో దేశంలోపల తిరగడానికి పాస్‌పోర్టులు పెట్టి, అందులో జాతి రాయడానికి ఒక గడి ఉంచారు. మొదట్లో మనిషి తన జాతి ఏమిటో తనే చెప్పుకునేవాడు. 1938 నుంచి తల్లిదండ్రుల జాతిని బట్టే రాయాలన్నారు. మార్చుకునే దారి మూసుకుపోయింది. తాతార్లకు బడి ఇచ్చిన జాబితా వాళ్లను రైలెక్కించడానికి కూడా పనికొచ్చింది. యూదుల విషయంలో "అయిదో గడి" అంటే చాలు, ఉద్యోగం ఎందుకు రాలేదో, కాలేజీలో సీటు ఎందుకు పోయిందో అందరికీ అర్థమయ్యేది. అది స్టాలిన్ పోయాక కూడా నడిచింది. అందుకే నేను ఒక మనిషి ద్వేషం గురించి మాట్లాడటం లేదు. స్టాలిన్ మనసులో యూదుల మీద ఏముందో నాకు అనవసరం. ఆ రిజిస్టరు చేతిలో ఉన్నవాడికి అడ్డుచెప్పే కోర్టు గానీ పత్రిక గానీ లేకపోవడమే నా అభ్యంతరం.

ఎర్రమందారం:

రిజిస్టరు పాయింటు ఆలోచించదగ్గదే, కానీ మీరు దాన్ని చివరిదాకా తీసుకెళ్తే చిక్కొస్తుంది. మన దగ్గర రిజర్వేషన్లు కావాలంటే కులం సర్టిఫికెట్ ఉండాలి. రాయకపోతే హక్కు పోతుంది. లెక్కపెట్టడమే ప్రమాదమంటే బలహీనుడికి ఏ రక్షణా ఇవ్వలేం. మీరు చెప్పింది కోర్టులు, పత్రికలు లేకపోవడం గురించైతే నాకు పేచీ లేదు. అది 1917 తర్వాత చుట్టూ ముట్టడి ఉన్న దేశం, అక్కడ అవి ఎలా బతుకుతాయన్నది వేరే చర్చ.

పాతపేజీ:

ఆ చిక్కు నాకూ కనిపిస్తోంది. రష్యాలో 1997లో కొత్త పాస్‌పోర్టులు వచ్చినప్పుడు జాతి గడి తీసేశారు. అప్పుడు గట్టిగా అభ్యంతరం చెప్పినవాళ్లలో తాతార్‌స్తాన్ ఒకటి (అది వోల్గా తీరపు తాతార్ల రిపబ్లిక్, క్రిమియా తాతార్లు వేరు). గడి లేకపోతే తమ గుర్తింపే పోతుందని వాళ్ల వాదన. ముట్టడి చర్చకు వేరే శీర్షిక పెట్టండి మందారం గారూ, అక్కడికి వస్తాను.