వనామీ గుంటల్లో మళ్ళీ టైగర్: గట్టెక్కే దారేనా?

(రొయ్య రైతుల చర్చ. ప్రతి పోస్టు పైన ఉన్నది రాసినవారు పెట్టుకున్న పేరు.)

కండలేరు గట్టు

అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట నుంచి కింద కోట, వాకాడు దాకా, పైన సింగరాయకొండ, కొత్తపట్నం దాకా ఇప్పుడు రొయ్య గుంటల గట్ల మీద ఒకటే మాట: "వనామీ (తెల్ల రొయ్య) చాలు, టైగర్ (నల్ల చారల రొయ్య) వేద్దాం." కారణాలు అందరికీ తెలిసినవే. 2025 ఆగస్టు 27న మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి పోయింది. అంతకుముందే ఉన్న యాంటీ డంపింగ్ (మరీ చౌకగా అమ్ముతున్నారని వేసేది), కౌంటర్‌వెయిలింగ్ (ప్రభుత్వ రాయితీలకు విరుగుడుగా వేసేది) సుంకాలు కలిపితే 58 దాటింది. ఈక్వడార్ సరుకు మీద పడింది 15 శాతమే. ఆ సుంకం తర్వాత తగ్గినా, మళ్ళీ పెంచరని రాసిచ్చేవాళ్ళెవరూ లేరు. ఇంకోపక్క ఈహెచ్‌పీ (రొయ్యను ఎదగనీయని సూక్ష్మజీవి జబ్బు) వచ్చి రొయ్య 100 కౌంట్ (కిలోకు 100 రొయ్యలు) దగ్గరే ఆగిపోతోంది.

అడిగేది ఇదీ: గుంట అదే, బోరు అదే, ఏరియేటర్లు (నీళ్ళలో గాలి కలిపే యంత్రాలు) అవే ఉంచి రకం ఒక్కటి మారిస్తే గట్టెక్కుతామా? లెక్కతో చెప్పేవాళ్ళు చెప్పండి. "అంతా అదృష్టం అన్నా" అనే సమాధానాలు వద్దు.

నల్లరొయ్య

మారాల్సిందే. 1994-95లో తెల్లమచ్చ వైరస్ జబ్బు వచ్చి నెల్లూరు గుంటల్ని ఊడ్చేసింది టైగర్ కాలంలోనే కదా అని వెంటనే అంటారు. అప్పటి పిల్ల సముద్రంలో పట్టిన తల్లి రొయ్యది. ఏ తల్లి ఏ వైరస్ మోస్తోందో చూసేవాడే లేడు. ఇప్పుడొచ్చే ఎస్‌పీఎఫ్ (ఫలానా జబ్బులు లేని) టైగర్ తల్లులు హవాయి, మడగాస్కర్ నుంచి వచ్చిన పరీక్షించిన జాతులు. 2009లో వనామీ నిలబడిందీ ఎస్‌పీఎఫ్ తల్లులు వచ్చాకే కదా. అదే సూత్రం.

లెక్క చూడండి. ఎకరం అంటే సుమారు 4,047 చదరపు మీటర్లు. మీటరుకు 10 చొప్పున 40 వేల టైగర్ పిల్ల. 70 శాతం బతికితే 28 వేలు. 30 కౌంట్‌కు తీస్తే 930 కిలోలు. సరుకు తక్కువే, కానీ పెద్ద సైజు. జపాన్, యూరప్ కొనేది ఆ సైజే. వనామీలో 30 కౌంట్ తీయాలంటే ఈ రోజుల్లో ఎంతమందికి చేతనవుతుంది? పిల్ల తక్కువ కాబట్టి ఏరియేటర్ల కరెంటూ తగ్గుతుంది.

సూక్ష్మదర్శిని

పై పోస్టులో తెల్లమచ్చ గురించి చెప్పింది సరే, ఈహెచ్‌పీని ఎక్కడ వదిలేశారు? థాయిలాండ్‌లో ఈ జబ్బును మొదట చూసింది ఎదగని టైగర్ రొయ్యలోనే. 2009లో దానికి పేరు పెట్టింది కూడా టైగర్‌లోంచి తీసి చూసే. అంటే వనామీని మార్చినంత మాత్రాన ఈహెచ్‌పీ మనల్ని వదలదు. గుంట అడుగు మట్టిలో బీజాలుంటే టైగర్ కాలేయానికీ ఎక్కుతాయి. పైగా టైగర్ ఎక్కువగా అడుగునే తిరిగే రొయ్య. వనామీ నీళ్ళ మధ్యలో కూడా ఈదుతుంది, ఇది అడుగు పట్టుకునే ఉంటుంది. చెడిన అడుగు మీద ముందు దెబ్బ తినేది టైగరే.

ఎస్‌పీఎఫ్ మాటను కూడా చాలామంది తప్పుగా పట్టుకుంటున్నారు. ఆ పిల్ల పుట్టుకలో ఫలానా జబ్బులు లేవని మాత్రమే దానర్థం. గుంటలోకి వచ్చాక జబ్బు తగిలితే తట్టుకుంటుందని ఎవరూ హామీ ఇవ్వలేదు. తల్లులు శుభ్రంగా వచ్చినా హేచరీలో (పిల్ల తీసే కేంద్రంలో) పచ్చి మేతగా సముద్రపు పురుగులు పెడితే ఈహెచ్‌పీ అక్కడే అంటుకుంటుంది. అందుకే తల్లుల కాగితం చూసి ఊరుకోకుండా మీ ట్యాంకు పిల్లకే పీసీఆర్ (జబ్బు జాడ పట్టే ల్యాబ్ పరీక్ష) చేయించాలి. పది, ఇరవై పిల్లలు తీసుకెళ్తే పరీక్ష చేసినట్టు కాదు. నూటికి రెండు పిల్లల్లో జబ్బున్నా దొరకాలంటే ట్యాంకులో వేర్వేరు చోట్ల నుంచి 150 పిల్లలు తీయాలి.

ఇక గుంట. ఈహెచ్‌పీ వచ్చిన గుంటకు బ్లీచింగ్ ఒక్కటే చాలదు. పూర్తిగా ఎండాలి, నల్లమట్టి తీసేయాలి. హెక్టారుకు 6 టన్నులు, అంటే ఎకరాకు దాదాపు 2.4 టన్నులు కాల్చిన సున్నం చల్లి, 10-12 సెంటీమీటర్ల లోతుకు దున్ని, ఆ తర్వాత తడపాలి. మట్టి పీహెచ్ 12కు చేరాలి. కొన్నాళ్ళకు గాలి తగిలి అదే దిగుతుంది. దిగాకే నీళ్ళు పెట్టాలి.

చిట్టి_గుంట

అన్నా, ఎకరాకు రెండున్నర టన్నులా! మా పక్క 200 కిలోలు చల్లి "సున్నం కొట్టేసినాం" అంటుండారు. డోలమైట్ వేస్తే చాలదా? అది గట్టు మీద బస్తాలు బస్తాలు పడుండాది.

సూక్ష్మదర్శిని

చాలదు తమ్ముడూ. డోలమైట్, వ్యవసాయ సున్నం ఎంత పోసినా పీహెచ్ 9 దగ్గరే ఆగిపోతుంది. అవి క్షారత పెంచడానికి, బీజాలను చంపడానికి కాదు. కావాల్సింది నీళ్ళు తగలని కాల్చిన సున్నం. నీళ్ళు పోస్తే బుసబుసా పొంగి వేడెక్కాలి, లేదంటే అది గాలికి చచ్చిన సరుకు. బస్తా చిరిగి నెల రోజులు గోడౌన్‌లో ఉన్నది కొనొద్దు.

పని చెడేది మూడు చోట్ల. తడి బురద పైన చల్లి వదిలేయడం మొదటిది, అప్పుడు సున్నం పైపొరలోనే అయిపోతుంది. దున్నకపోవడం రెండోది. మూడోది, తూము పక్కన, మూలల్లో నీళ్ళు నిలిచిన గుంతలను వదిలేయడం. తర్వాత పంటకు బీజాలు అక్కడి నుంచే వస్తాయి. దున్నిన మట్టిని నాలుగైదు చోట్ల గరిటెడు తీసి నీళ్ళలో కలిపి పీహెచ్ చూడండి. ఎక్కడ 12 రాలేదో అక్కడ మళ్ళీ వేయాలి. చేతికి గ్లౌజులు, కళ్ళకు అద్దాలు లేకుండా కూలీలను దించొద్దు.

కౌంట్ లెక్క

టైగరా, వనామీనా అని కొట్టుకునే ముందు అసలు డబ్బు ఎక్కడ పోతోందో చూద్దాం. ఎదగని రొయ్యకు మేత వేస్తూ కూర్చోవడంలో పోతోంది.

వనామీకి కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ పెట్టిన పరిమితి మీటరుకు 60. ఎకరాకు 2.4 లక్షలు. పరిమితి ఉంది కదా అని అక్కడిదాకా వేయాలని ఎక్కడా లేదు. మీటరుకు 25-30 వేయండి, ఎకరాకు లక్ష నుంచి లక్షా ఇరవై వేలు. లక్షా ఇరవై వేలలో 80 శాతం బతికి 60 కౌంట్ వస్తే 1,600 కిలోలు. 400-500 కిలోల రొయ్యకు ఒక హెచ్‌పీ (హార్స్‌పవర్) ఏరియేటర్ గాలి కావాలి కాబట్టి 4 హెచ్‌పీతో గడిచిపోతుంది. రెండు లక్షలు వేసినవాడికి అదే లెక్కన దాదాపు 7 హెచ్‌పీ కావాలి, డీజిల్ వేరే. తెల్లారుజామున మూడు నుంచి అయిదు మధ్య మీటరు పెట్టి చూస్తే ఆక్సిజన్ 4 పీపీఎం (లీటరుకు 4 మిల్లీగ్రాములు) కిందికి పోకూడదు. పగలు చూసుకుని సంతోషపడితే ఉపయోగం లేదు.

రెండోది, ఎప్పుడు పట్టాలన్నది. ఇది టైగర్‌కూ వర్తిస్తుంది. ఉదాహరణకు గుంటలో 90 వేల రొయ్య, ఒక్కోటి 10 గ్రాములు, అంటే 100 కౌంట్, 900 కిలోలు. రోజుకు మూడున్నర శాతం మేత అంటే 31 కిలోలు, వారానికి 220 కిలోలు. కిలో 90 రూపాయలు అనుకుంటే మేతకే 19,800. ఆరోగ్యంగా ఉండి వారానికి గ్రామున్నర పెరిగితే 135 కిలోలు వస్తాయి. కిలో 240 వేసుకున్నా 32 వేలు దాటుతుంది, పైన కౌంట్ దిగిన లాభం వేరే. ఈహెచ్‌పీ ఉండి అర గ్రామే పెరిగితే వచ్చేది 45 కిలోలు, 10,800 రూపాయలు. కౌంట్ 100 నుంచి 95కు దిగినందుకు కిలోకు 5 రూపాయలు ఎక్కువొచ్చినా మరో 4,700. మొత్తం 15,500. మేత ఖర్చే రాలేదు, కరెంటు, కూలీ, మందులు ఇంకా లెక్కలోకే రాలేదు.

40వ రోజు నుంచి వారం వారం విసురువలతో నాలుగు మూలలా పట్టి తూకం వేయండి. రెండు వారాలు వరసగా ఈ లెక్క తిరగబడితే పట్టేయడమే. "ఇంకో పది రోజులు ఆగు, ఈ మందు వేస్తే కదులుతుంది" అనే సలహా ఎవరిస్తున్నారో, వాళ్ళు ఏం అమ్ముతున్నారో ఒకసారి గమనించండి.

నల్లరొయ్య

వారం తూకం సంగతి ఒప్పుకుంటా, కానీ ధర? 60 కౌంట్ వనామీ ఈక్వడార్ కూడా పండిస్తుంది, మనకంటే చౌకగా. టైగర్‌లో ఆ పోటీ అంత లేదు. అందరూ వనామీలోనే ఉండి సాంద్రత తగ్గిస్తే ఖర్చు తగ్గుతుంది, సరే. మార్కెట్ మాత్రం అదే ఇరుకు మార్కెట్. నేను అనేది ఆ బుట్టలోంచి కొంతైనా బయటికి తీయమని.

ఐసుపెట్టె

కొనేవాళ్ళ వైపు నుంచి చూస్తే ఇద్దరి మాటలోనూ సగం నిజం ఉంది. అమెరికాకు ఎక్కువగా పోయేది తల తీసిన, ఒలిచిన సరుకు. చైనా తలతో ఉన్న రొయ్యను కూడా తీసుకుంటుంది. తలతో అమ్మాలంటే గుంట దగ్గర పని మారాలి. పట్టుబడికి ముందు మేత ఆపాలి. అమావాస్య, పౌర్ణమి దాపుల్లో పట్టొద్దు, పొర విడిచిన మెత్త రొయ్య పెరిగి లాటు మొత్తానికి ధర తగ్గుతుంది. గట్టు మీద కుప్ప పోయకుండా వలలోంచి నేరుగా ఐసు నీళ్ళలో వేయాలి, కిలో రొయ్యకు కిలో ఐసు. కాలేయం పగిలి తల నల్లబడిందా, ఇక అది తలతో అమ్మే సరుకు కాదు.

యూరప్ విషయం. 2025 సెప్టెంబరులో అక్కడికి పంపడానికి మరో 102 భారతీయ ఎగుమతి యూనిట్లకు అనుమతి వచ్చింది. ద్వారం పెద్దదైంది, కానీ మన సరుకులో సగం లాట్లను వాళ్ళు రేవులోనే యాంటీబయాటిక్‌ల కోసం పరీక్షిస్తారు. అందుకే పట్టుబడికి ముందే ఎంపెడా (కేంద్ర సముద్ర ఉత్పత్తుల ఎగుమతి సంస్థ) ల్యాబ్‌లో ఎలిసా పరీక్ష చేయించిన కాగితం అడుగుతారు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ లాంటి నిషేధించిన మందుల జాడ కనిపించిందా, లాటు మొత్తం పోతుంది. పేరు లేని డబ్బాలో వచ్చే "గట్ మందు"ల్లో ఏముందో తెలియకుండా వేసేవాళ్ళు టైగర్ వేసినా యూరప్‌కు పనికిరారు. గుంట రిజిస్ట్రేషన్ లేకపోతే ఆ కాగితమూ రాదు.

మన దేశంలోనే అమ్మకం గురించి పేపర్లలో బాగానే రాస్తున్నారు. ఒలిస్తే కిలోకు సగం పైన కొంచెం మాత్రమే మిగులుతుంది. ఆ లెక్క వేసుకోకుండా గుంట ధరకు నెల్లూరులో ఒలిచిన రొయ్య అమ్మబోతే నష్టమే.

బోరునీళ్ళు

ఎవరూ ఉప్పదనం సంగతి ఎత్తలేదు. టైగర్‌కు 10-25 పీపీటీ (లీటరు నీళ్ళలో ఉప్పు గ్రాములు) బాగుంటుంది. ఉప్పుటేరు, బకింగ్‌హామ్ కాలువ పక్కనున్న గుంటలకు అది కుదురుతుంది. లోపలి ఊళ్ళలో 4, 5 పీపీటీ బోరు నీళ్ళ మీద వనామీ పండిస్తున్నవాళ్ళు టైగర్ జోలికి పోకపోవడమే మంచిది.

అక్కడ వనామీ కూడా ఖనిజాలు సరిచూస్తేనే నిలుస్తుంది. ఉప్పదనాన్ని 10.7తో గుణిస్తే కావాల్సిన పొటాషియం, 39.1తో గుణిస్తే మెగ్నీషియం పీపీఎంలో వస్తాయి. 5 పీపీటీ నీళ్ళకు 54 పొటాషియం, 195 మెగ్నీషియం. మన బోర్లలో కాల్షియం సరిపడా ఉండి పొటాషియం పడిపోయి ఉండటం మామూలే. వల వేస్తే రొయ్య ఒంకర తిరిగి తెల్లబడి పడిపోతుంటే ముందు అనుమానించాల్సింది ఇదే. ఎకరా గుంటలో నాలుగడుగుల నీళ్ళకు పొటాషియం 10 పీపీఎం పెంచడానికి దాదాపు 100 కిలోల మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ పడుతుంది. అయిదు కిలోల "మినరల్ మిక్స్" డబ్బాతో ఏమవుతుందో మీరే లెక్కేసుకోండి.

ఇంకోటి, మన జిల్లాలకు ఈశాన్య రుతుపవనం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఒక్క వాయుగుండానికే ఉప్పదనం, పీహెచ్ రెండూ జారతాయి, నీళ్ళు చల్లబడతాయి, తెల్లమచ్చ లేస్తుంది. టైగర్ 30 కౌంట్‌కు రావడానికి నాలుగు నెలల పైన పడుతుంది. జూలై చివర్లో వేస్తే పట్టుబడి సరిగ్గా వానల్లో పడుతుంది. వేస్తే ఫిబ్రవరిలోనే వేయాలి. వాన ముందు గట్టు చుట్టూ సున్నం, పడుతున్నప్పుడు పైనీళ్ళు తూములోంచి వదిలేయడం, ఏరియేటర్లు ఆపకపోవడం, ఇవి తప్పవు.

చిట్టి_గుంట

రొయ్య మానేసి పండుగప్ప చేప వేస్తే, దాని మాటేంది? ఒకరిద్దరు వేస్తుండారంట.

బోరునీళ్ళు

వేయొచ్చు. చిన్నప్పుడు ఒకదాన్నొకటి మింగుతాయి కాబట్టి సైజులవారీగా పదేపదే వేరుచేయాలి. కిలో చేపకు దాదాపు ఏడాది. చేతిలో ఏడాది పెట్టుబడి ఉన్నవాడి పంట అది.

కౌలు కాగితం

ఇక్కడ అందరూ గుంట ఎండబెట్టమంటున్నారు, ఫిబ్రవరిలోనే వేయమంటున్నారు, సగం పిల్ల వేయమంటున్నారు. సాంకేతికంగా అన్నీ నిజమే. కానీ గుంటలు నడిపేవాళ్ళలో చాలామంది కౌలుదార్లు. కౌలు ఎకరాకు ఏడాది లెక్క, ముందే కట్టాలి. నెలన్నర ఎండబెడితే ఆ నెలన్నర కౌలు ఎవరిది? 2.4 టన్నుల సున్నం వేసి బాగుచేసిన గుంటను వచ్చే ఏడాది ఇంకొకడికి ఇచ్చేస్తే ఆ సున్నం ఖర్చు ఎవరిది? అందుకే కౌలుదారు మూడో పంట కూడా వేస్తాడు, జబ్బు గుంటలోనే వేస్తాడు. అది మూర్ఖత్వం కాదు, కాగితం అట్టా రాసుకున్నారు.

కరెంటు రాయితీ ఉన్నా, చాలాచోట్ల మీటరు, లైసెన్సు భూమి గలవారి పేరునే ఉంటాయి. మేత, పిల్ల ఏజెంటు దగ్గర అప్పు. ఆ అప్పు ఉన్నన్నాళ్ళూ ఏ రకం వేయాలో, ఎప్పుడు పట్టాలో సగం నిర్ణయం ఏజెంటుదే. పైన చెప్పిన వారం తూకం లెక్క ప్రకారం 55వ రోజు పట్టేస్తానంటే, మేత బాకీ ముందు తీర్చమంటాడు.

కౌంట్ లెక్క

కౌలు మూడేళ్ళకు రాసుకోవాలి. ఏడాదికి రెండు పంటలే అని, మధ్యలో 30 రోజులు ఎండు అని రాసుకుని, ఆ నెల కౌలు చెరి సగం. సున్నం ఖర్చు యజమానిది. గుంట ఆయన ఆస్తి, బాగుపడేది అదే.

నల్లరొయ్య

యజమానులు ఒప్పుకోరు. ఈ ఏడు కాదంటే ఇంకొకడు నోట్లు పట్టుకుని వస్తాడు.

కౌలు కాగితం

వస్తున్నవాళ్ళు తగ్గారు కదా. ఖాళీ పడిన గుంటలు ఈ మధ్య కళ్ళముందే ఉన్నాయి. గుంట ఏడాది ఖాళీ ఉంటే గట్లు తెగి, తూములు పాడై, మళ్ళీ నిలబెట్టడానికి యజమానికే ఖర్చు. బేరం ఆడాల్సింది ఇప్పుడే, ధర లేచాక కాదు. నల్లరొయ్య గారు చెప్పే టైగర్ కూడా అట్టాంటి కాగితం ఉన్న గుంటలోనే వేయండి, ఉప్పుటేరు నీళ్ళు అందేచోట, మొత్తం కాకుండా నాలుగో వంతు గుంటల్లో. మిగతావాటిలో మీటరుకు 25 వనామీ. కాగితం నమూనా తెలుగులో రాసి రేపు ఇక్కడే పెడతాను, సవరణలుంటే చెప్పండి.