డాలస్ కౌబాయ్స్ (అమెరికన్ ఫుట్‌బాల్) చర్చ: మార్చిలో చేతులు కట్టుకుంటారు, ఆగస్టులో పర్సు ఖాళీ చేస్తారు

ఫ్రిస్కో_బాబాయ్:
మళ్లీ మార్చి వస్తోంది, 2026ది. ఫ్రీ ఏజెన్సీ (ఒప్పందం ముగిసిన ఆటగాళ్లని ఏ టీమైనా కొనుక్కునే సమయం) మొదలయ్యే వారం మనకి ఒకటే పని, పక్క టీములు ఎవరిని కొన్నాయో ఫోన్‌లో చూసుకుని నిట్టూర్చడం.

2024 జనవరిలో ప్యాకర్స్ చేతిలో సొంత స్టేడియంలో 48-32తో చిత్తయ్యాక మన ఓనర్ జెర్రీ జోన్స్ "ఆల్ ఇన్" (ఉన్నదంతా పెట్టేస్తాం) అన్నాడు. ఆ మార్చిలో ఏం జరిగిందో గుర్తుందిగా? పొలార్డ్ టైటాన్స్‌కి, టైరన్ స్మిత్ జెట్స్‌కి వెళ్లిపోయారు. సెంటర్ బియాడజ్, ఆర్మ్‌స్ట్రాంగ్, ఫౌలర్ ముగ్గురూ మన డివిజన్‌లోనే ఉన్న కమాండర్స్‌లో చేరారు. మనకి వచ్చినవాళ్లలో చెప్పుకోదగ్గ పేరు ఎరిక్ కెండ్రిక్స్ ఒక్కటే. డ్రాఫ్ట్ (కాలేజీ కుర్రాళ్లని టీములు వంతులవారీగా ఎంచుకోవడం) అయిపోయాక మన పాత రన్నింగ్ బ్యాక్ (బంతి పట్టుకుని పరుగెత్తేవాడు) జీక్‌ని, అంటే ఎజెకియల్ ఎలియట్‌ని, వెనక్కి పిలిచారు. మనం 7 గెలిచి 10 ఓడాం, ఆ కమాండర్స్ కాన్ఫరెన్స్ ఫైనల్ దాకా వెళ్లారు.

"బయటివాళ్లని కొనం, డ్రాఫ్ట్‌లో తెచ్చుకుని పెంచుకుంటాం" అనే ఈ పద్ధతి అసలు పనిచేస్తుందా? చూస్తున్నవాళ్లు మీ అనుభవం చెప్పండి. తిట్లు కాదు, విషయం కావాలి.

ఇర్వింగ్_మల్లన్న:
తిట్లు వద్దంటే ఇంకేం రాయాలి బాబాయ్ 😄

నాకు ఇప్పటికీ మింగుడు పడనిది రన్నింగ్ బ్యాక్ డెరిక్ హెన్రీ సంగతి. మనిషి ఆఫ్ సీజన్‌లో ఉండేది డాలస్‌లోనే. రమ్మంటే వచ్చేవాడు. మనవాళ్లు ఫోన్ కూడా చెయ్యలేదని ఆయనే చెప్పాడు. రేవెన్స్ రెండేళ్లకి 16 మిలియన్లకి తీసుకుంటే ఆ సీజన్‌లో 1,921 యార్డులు పరుగెత్తాడు. 16 మిలియన్లు కూడా లేవా అమెరికాలోకెల్లా ఖరీదైన టీము దగ్గర?

క్యాప్_గుమస్తా:
మల్లన్నా, డబ్బు ఉండటం వేరు, క్యాప్‌లో (లీగ్ పెట్టే జీతాల పరిమితిలో) చోటు ఉండటం వేరు. 2024లో ప్రతి టీముకీ పరిమితి 255.4 మిలియన్లు. జెర్రీ జేబులో ఎంత ఉన్నా అంతే. అయినా హెన్రీ జీతం సర్దలేనిదేం కాదు, అది ఒప్పుకుంటాను.

మనవాళ్లు కొనకపోవడానికి ఇంకో లెక్క ఉంది. మన ఫ్రీ ఏజెంట్లు వేరే టీములకి వెళ్లి, మనం అంతకంటే తక్కువ మందిని కొంటే, వచ్చే ఏడాది డ్రాఫ్ట్‌లో లీగ్ మనకి అదనపు పిక్స్ (ఎంచుకునే వంతులు) ఇస్తుంది. మూడో రౌండ్ నుంచి ఏడో రౌండ్ లోపల. వాటినే కాంపెన్సేటరీ పిక్స్ అంటారు. బయటి నుంచి ఒకర్ని కొన్న ప్రతిసారీ మనకి రావలసిన పిక్ ఒకటి కొట్టుకుపోతుంది. పాత టీము తీసేసిన ఆటగాళ్లు, డ్రాఫ్ట్ తర్వాత సంతకం చేసినవాళ్లు ఈ లెక్కలోకి రారు. జీక్‌ని డ్రాఫ్ట్ అయ్యాకే పిలిచారంటే ఇది కూడా ఒక కారణం అయ్యుంటుంది.

ఈ పిసినారి లెక్క వల్ల ఏం ఒరిగిందంటారా? 2015లో మన రన్నింగ్ బ్యాక్ డీమార్కో మర్రే ఈగిల్స్‌కి వెళ్లిపోయాడు. అంతకుముందు సీజన్‌లో 1,845 యార్డులు చేసినవాడు. అందరం నెత్తీ నోరూ కొట్టుకున్నాం. ఈగిల్స్‌లో 702 దగ్గర ఆగిపోయి, ఏడాదికే టైటాన్స్‌కి ట్రేడ్ అయ్యాడు. ఆ వసంతంలో మనవాళ్లు వెళ్లిపోయినందుకు 2016లో వచ్చిన కాంపెన్సేటరీ పిక్స్‌లో ఒకటి 135వది. దాంతో తీసుకున్నది మన క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరేవాడు) డాక్ ప్రెస్కాట్‌ని.

ఎక్స్‌టన్_ఈగిల్:
మర్రే పేరు ఎత్తకండి సార్, మా ఇంట్లో ఆ పేరు నిషిద్ధం.

ఫిలడెల్ఫియా వైపు నుంచి రాస్తున్నాను, కొట్టకుండా వినండి. 2024 మార్చిలో మా జనరల్ మేనేజర్ హోవీ రోజ్‌మన్ చేసింది చూడండి. సేక్వాన్ బార్క్లీకి మూడేళ్లకి 37.75 మిలియన్లు. రన్నింగ్ బ్యాక్‌కి అంత ఎందుకని మావాళ్లే గోల పెట్టారు. 2,005 యార్డులు పరుగెత్తాడు. అదే నెలలో జాక్ బాన్ అని, సెయింట్స్‌లో ఎక్కువగా స్పెషల్ టీమ్స్ (కిక్కులప్పుడు మాత్రమే దిగే జట్టు) ఆడే కుర్రాణ్ణి ఏడాదికి 3.5 మిలియన్లకి తెచ్చారు. ఎవరూ పట్టించుకోలేదు. సీజన్ చివరికి ఆల్ ప్రో (లీగ్‌లో ఆ ఏటి ఉత్తముల జాబితా) లైన్‌బ్యాకర్. డ్రాఫ్ట్‌లో 22వ పిక్‌కి క్విన్యన్ మిచెల్, 40వ పిక్‌కి కూపర్ డిజీన్, ఇద్దరూ కార్నర్లే (ఎదుటి రిసీవర్లని కాచేవాళ్లు). సూపర్ బౌల్‌లో చీఫ్స్ మీద 40-22. తన పుట్టినరోజు నాడు డిజీన్ చీఫ్స్ క్వార్టర్‌బ్యాక్ మహోమ్స్ పాస్‌ని మధ్యలో లాక్కుని టచ్‌డౌన్ చేశాడు.

అంటే కొనడమా, డ్రాఫ్టా అన్న ప్రశ్నే తప్పు. రెండూ చెయ్యాలి.

ప్లేనో_లక్ష్మి:
అసలు బాన్ లాంటివాళ్లని ముందే ఎలా కనిపెడతారండీ? అదృష్టమేనా?

ఎక్స్‌టన్_ఈగిల్:
కొంత అదృష్టమే లక్ష్మిగారూ, దాచుకోవడం ఎందుకు. అదే మార్చిలో బ్రైస్ హఫ్ అనే పాస్ రషర్‌కి (క్వార్టర్‌బ్యాక్ మీదకి దూసుకెళ్లేవాడు) మూడేళ్లకి 51 మిలియన్లతో ఒప్పందం రాశాం. సూపర్ బౌల్ రోజు ఆయన డ్రెస్ కూడా వేసుకోలేదు, తర్వాత 49ఎర్స్‌కి పంపించేశాం. ఒకటి పోయినా ఇంకొకటి నిలబడేలా నాలుగైదు చోట్ల చెయ్యి పెడతారు, అదీ తేడా. బాన్‌ని అంచున ఆడించకుండా మధ్యలోకి తెచ్చింది కోచ్ విక్ ఫాంజియో.

ఇంకోటి, మేమూ మనుషుల్ని వదులుకుంటాం. కప్పు గెలిచిన నెలకే మిల్టన్ విలియమ్స్ 104 మిలియన్లకి పేట్రియట్స్‌కి, జాష్ స్వెట్ కార్డినల్స్‌కి వెళ్లారు. ఎవరం ఆపలేదు. కాంపెన్సేటరీ పిక్స్ మాకూ తీపే.

కొత్తగా_చూస్తున్నా:
ఐపీఎల్ తప్ప ఏమీ తెలియనివాణ్ణి, ఆఫీసులో అందరూ ఇదే మాట్లాడుకుంటుంటే ఈ మధ్యే మొదలుపెట్టాను. సన్‌రైజర్స్ కమిన్స్‌ని 20.50 కోట్లకి కొన్నారు, అదే సీజన్‌లో ఫైనల్‌కి వెళ్లారు. డబ్బు పెట్టాం, మనిషి వచ్చాడు. ఇక్కడ అలా ఎందుకు కుదరదు?

క్యాప్_గుమస్తా:
ఐపీఎల్ వేలంలో కుర్రాడైనా, కెప్టెన్ అయినా ఎవరు ఎక్కువ పాడితే వాళ్లకే. ఇక్కడ కాలేజీ నుంచి వచ్చేవాడికి టీమును ఎంచుకునే హక్కే లేదు. 32 టీములు, ఏడు రౌండ్లు, కిందటి సీజన్‌లో అడుగున ఉన్నవాళ్లు ముందు ఎంచుకుంటారు. 2011 నుంచి కొత్తవాళ్ల జీతాలు పిక్ నంబర్‌ని బట్టి దాదాపు ఖాయం. నాలుగేళ్ల ఒప్పందం, మొదటి రౌండ్ వాళ్లకైతే ఐదో ఏడు కూడా టీము చేతిలోనే. అంటే బాగా ఆడే కుర్రాడు నాలుగేళ్లు చవగ్గా పనిచేస్తాడు. ఆ మిగులుతోనే బయటివాళ్లని కొనాలి. చవక కుర్రాళ్లు లేకుండా ఫ్రీ ఏజెన్సీలో ఎగబడితే క్యాప్ రెండేళ్లలో పగిలిపోతుంది.

ఫ్రిస్కో_బాబాయ్:
అక్కడికే వద్దామనుకుంటున్నా. డ్రాఫ్ట్‌లో మనవాళ్లు తక్కువ తినలేదు. 2011లో టైరన్ స్మిత్, 2013లో ఫ్రెడరిక్, 2014లో జాక్ మార్టిన్, ముగ్గురూ అఫెన్సివ్ లైన్ వాళ్లే. ఆ 2014లో జెర్రీ మనసు క్వార్టర్‌బ్యాక్ జానీ మాన్జియెల్ మీద ఉంటే కొడుకు స్టీఫెన్, మిగతావాళ్లు కలిసి ఆపారు. ఆపకపోతే ఏమయ్యేదో తలుచుకుంటేనే టెన్షన్. 2020లో 17వ పిక్‌కి రిసీవర్ సీడీ లాంబ్. 2022లో ఐదో రౌండ్‌లో డేరాన్ బ్లాండ్, మరుసటి ఏడు ఐదు ఇంటర్‌సెప్షన్లని (ఎదుటివాళ్ల పాస్ లాక్కోవడం) టచ్‌డౌన్లుగా మార్చి రికార్డు కొట్టాడు.

2021 అయితే కథే. పదో పిక్ మనది. కావలసింది కార్నర్. మన ముందు వరసగా హార్న్, సర్టెయిన్ ఇద్దరూ వెళ్లిపోయారు. వెంటనే ఆ పిక్ ఈగిల్స్‌కే ఇచ్చి పన్నెండుకి దిగి, పైన ఒక మూడో రౌండ్ పిక్ పుచ్చుకున్నారు. ఈగిల్స్ డివాంటా స్మిత్‌ని తీసుకున్నారు, మనకి పాస్ రషర్ మైకా పార్సన్స్ దొరికాడు.

ఇర్వింగ్_మల్లన్న:
మంచివే చెప్తే ఎట్లా బాబాయ్. 2017లో 28వ పిక్‌కి టాకో చార్ల్‌టన్. రెండు పిక్స్ తర్వాత స్టీలర్స్ టీజే వాట్‌ని తీసుకున్నారు. 2023లో మాజీ స్మిత్ (మాజీ అనేది అతని పేరే) మొదటి రౌండ్, లైన్ మధ్యలో రన్ ఆపుతాడని తెచ్చారు, చివరికి క్విన్నెన్ విలియమ్స్ ట్రేడ్‌లో జెట్స్‌కి పంపించేశారు. ఫ్రీ ఏజెన్సీలో డిఫెన్సివ్ టాకిల్‌ని కొనకపోవడం వల్లే కదా ఆ పొజిషన్‌కి మొదటి రౌండ్ పిక్ వాడాల్సి వచ్చింది. చివరికి ఆ ఖాళీ నింపడానికి 2027 మొదటి రౌండ్, 2026 రెండో రౌండ్ ఇచ్చుకున్నారు. చవగ్గా పోతుందనుకున్నది మూడింతలైంది.

క్యాప్_గుమస్తా:
మల్లన్న చెప్పిన చివరి మాటే అసలు పాయింట్. నాకు మార్చి మీద కోపం లేదు, ఆగస్టు మీద ఉంది.

2024 ఏప్రిల్‌లో ఈగిల్స్ డివాంటా స్మిత్‌కి ఏడాదికి 25, ఏజే బ్రౌన్‌కి 32 మిలియన్ల చొప్పున రాసేశారు. మనం లాంబ్‌ని అలా కూర్చోబెట్టాం. జూన్‌లో వైకింగ్స్ తమ రిసీవర్ జెఫర్సన్‌కి 35 ఇచ్చారు. ఇంకేముంది, లాంబ్ క్యాంప్‌కి రాలేదు. ఆగస్టు చివర్లో నాలుగేళ్లకి 136, అంటే ఏడాదికి 34. తర్వాత సీజన్ మొదటి మ్యాచ్ రోజున, క్లీవ్‌లాండ్‌లో ఆట మొదలవడానికి కొన్ని గంటల ముందు డాక్‌కి ఏడాదికి 60. అప్పటికి లీగ్‌లో ఎవరికీ లేని జీతం. ఎంత ఆలస్యం చేస్తే అంత ధర పెరుగుతుంది, ఎందుకంటే క్యాప్ ఏటా పెరుగుతోంది. 2025లో 279.2.

ఈ ఆలస్యానికీ, ఫ్రీ ఏజెన్సీకీ ముడి ఇక్కడే. ఆగస్టులో ఎవరికి ఎంత ఇవ్వాలో తేలకపోతే మార్చిలో చేతిలో ఎంత ఉందో తెలియదు. తెలియదు కాబట్టి కొనరు. జీతాన్ని బోనస్‌గా మార్చి ఐదేళ్ల మీద సర్దే పద్ధతి మనకీ తెలుసు, కానీ ఒప్పందమే లేనివాడికి ఏం సర్దుతారు?

ప్లేనో_లక్ష్మి:
పార్సన్స్ విషయంలోనూ ఇదేనా? మావాడి పుట్టినరోజుకి ఫ్రిస్కోలో ద స్టార్ దగ్గర షాపులో 11వ నంబర్ జెర్సీ కొన్నాం. వీపు మీద పేరు కుట్టు కూడా చెడలేదు, మనిషి ప్యాకర్స్‌కి వెళ్లిపోయాడు. వాడు ఆ పేరు మీద టేపు అంటించుకుని తిరిగాడు.

క్యాప్_గుమస్తా:
అచ్చం ఇదేనండీ. 2025లో మిగతా పాస్ రషర్లకి ఏడాదికి ఇచ్చింది చూడండి, మార్చిలో క్రాస్బీకి 35.5 మిలియన్లు, గారెట్‌కి 40, జులైలో వాట్‌కి 41. పార్సన్స్ కళ్ల ముందు ధర మెట్లెక్కుతూ పోయింది. ఆగస్టు 28న ట్రేడ్. మనకి రెండు మొదటి రౌండ్ పిక్స్, కెన్నీ క్లార్క్. ప్యాకర్స్ ఆయనకి ఏడాదికి 47 ఇచ్చారు. అంతకుముందే వసంతంలో కూర్చుని రాసి ఉంటే ఎంతలో అయ్యేదో మీరే ఊహించుకోండి. బాబుకి ఈసారి 88 కొనండి, లాంబ్ ఒప్పందం 2028 దాకా ఉంది.

ఎక్స్‌టన్_ఈగిల్:
లేదా మా 26 (బార్క్లీది) కొనండి లక్ష్మిగారూ, పంపిస్తాను 😄

ప్లేనో_లక్ష్మి:
ఆ జెర్సీతో మావాడు స్కూలుకి వెళ్తే ఇంటికి తిరిగి రాడండీ.

ఫ్రిస్కో_బాబాయ్:
2025 లెక్క కూడా పూర్తిగా చూడాలి. బయటి నుంచి తెచ్చినవాళ్లు బాగానే ఆడారు. జవాంటే విలియమ్స్‌ని బ్రాంకోస్ వదిలేస్తే ఏడాదికి చవగ్గా తెచ్చుకున్నాం, 1,200 యార్డుల దాకా చేశాడు. రిసీవర్ జార్జ్ పికెన్స్‌ని డ్రాఫ్ట్ అయ్యాక మే నెలలో స్టీలర్స్ నుంచి మూడో రౌండ్ పిక్ ప్రధానంగా ఇచ్చి తెచ్చారు, 1,400 దాటాడు. డ్రాఫ్ట్‌లో 12వ పిక్‌కి గార్డ్ టైలర్ బుకర్. అఫెన్స్‌కి వంక పెట్టలేం. ప్యాకర్స్‌తో 40-40 టై గుర్తుందిగా, 40 కొట్టినా గెలవలేదు. డిఫెన్స్ లీగ్‌లో అందరికంటే ఎక్కువ పాయింట్లు ఇచ్చింది. 7 గెలుపులు, 9 ఓటములు, 1 టై.

ఇర్వింగ్_మల్లన్న:
రికో డౌడల్‌ని మరిచిపోయారా? 2024లో మనకి వెయ్యి దాటించాడు, ఉంచుకోలేదు. పాంథర్స్ జెర్సీలో మన మీదే 183 యార్డులు పరుగెత్తాడు. ఆ రోజు మా ఇంట్లో బిర్యానీ కూడా సహించలేదు.

క్యాప్_గుమస్తా:
డౌడల్‌ని వదలడం తప్పని నేను అనను. జవాంటే ఆ లోటు పూడ్చాడు. రన్నింగ్ బ్యాక్‌లో పొదుపు చెయ్యొచ్చు. లైన్‌బ్యాకర్‌లో, సేఫ్టీలో చేసిన పొదుపే కొంప ముంచింది. ఆ పొజిషన్లలో ధరలు పాస్ రషర్ల కంటే చాలా తక్కువ, అక్కడే మార్చిలో ఇద్దరు మధ్యరకం మనుషుల్ని కొనాలి. కొంటే డ్రాఫ్ట్ రోజున "లైన్‌బ్యాకరే కావాలి" అని తొందరపడకుండా ఉన్నవాళ్లలో మంచివాణ్ణి తీసుకోవచ్చు. ఖాళీలు పెట్టుకుని డ్రాఫ్ట్‌కి వెళ్తే మాజీ స్మిత్‌లే వస్తారు.

కొత్తగా_చూస్తున్నా:
అంటే కొనడం కూడా డ్రాఫ్ట్ బాగా చెయ్యడానికే అన్నమాట. ఇప్పుడు అర్థమైంది. మరి ఈ 2026 ఏప్రిల్‌లో మనకి రెండు మొదటి రౌండ్ పిక్స్ ఉన్నాయిగా, రెండూ డిఫెన్స్‌కేనా?

ఫ్రిస్కో_బాబాయ్:
మన సొంతది, ప్యాకర్స్ ఇచ్చింది. క్విన్నెన్ కోసం రెండో రౌండ్ పిక్ ఇచ్చేశాం, పికెన్స్ కోసం మూడో రౌండ్ ఇచ్చేశాం. అందుకని నేనైతే ఒకదాంతో పాస్ రషర్‌నో కార్నర్‌నో తీసుకుని, రెండోదాన్ని కిందికి దింపి రెండు పిక్స్ చేసుకుంటాను. 2024లో 24 నుంచి 29కి దిగితే లయన్స్ ఇచ్చిన 73వ పిక్‌తోనే కూపర్ బీబీ వచ్చాడు, బియాడజ్ వెళ్లిపోయిన సెంటర్ స్థానంలో నిలబడ్డాడు.

ఇర్వింగ్_మల్లన్న:
వద్దు బాబాయ్, దిగొద్దు. ఆ 29కి వచ్చిన గైటన్ ఇంకా కుదురుకోలేదు. రెండు పిక్స్ వాడండి, ఇద్దర్ని తేండి. ఇంత పేలవమైన డిఫెన్స్‌తో కింది రౌండ్ కుర్రాళ్లు పెరిగేదాకా ఎవడు ఆగుతాడు?

క్యాప్_గుమస్తా:
దిగాలా వద్దా అన్నది ఏప్రిల్ సంగతి. దానికంటే ముందు పికెన్స్ ఉన్నాడు. 2025 సీజన్‌తో ఒప్పందం గడువు ముగిసింది. ఫ్రాంచైజ్ ట్యాగ్ (ఒక్క ఏడాదికి ఆపుకునే హక్కు) వేసి మళ్లీ ఆగస్టు దాకా లాగుతారా, లేక మార్చిలోనే కూర్చుని రాసేస్తారా, అదొక్కటి చూస్తే చాలు నాకు.