హీప్ పెరగకపోయినా నోడ్ ప్రాసెస్ మెమరీ ఎందుకు పెరుగుతోంది?

నోడ్ 20తో రాసిన మా ఇమేజ్ సర్వీసు, 512 ఎంబీ పరిమితి పెట్టిన డాకర్ కంటైనర్‌లో దాదాపు 9 గంటలకోసారి ఎగ్జిట్ కోడ్ 137తో ఆగిపోతోంది. 128కి, ప్రాసెస్‌ను బలవంతంగా ఆపే సిగ్‌కిల్ సంకేతం సంఖ్య 9 కలిపితే వచ్చేదే 137 కనుక, మెమరీ చాలక కెర్నెలే దాన్ని ఆపుతోందని లాగ్‌లు చూసి నిర్ధారించుకున్నాను.

లీక్ మా కోడ్‌లోనే ఉందనుకొని, గంటకొకటి చొప్పున మూడు హీప్ (జావాస్క్రిప్ట్ ఆబ్జెక్టులుండే మెమరీ) స్నాప్‌షాట్లు తీసి పోల్చి చూస్తే, హీప్ 140 ఎంబీ దగ్గరే నిలకడగా ఉండగా ఆర్ఎస్ఎస్ (ప్రాసెస్ మొత్తంగా ర్యామ్‌లో వాడుతున్న మెమరీ) మాత్రం 210 ఎంబీ నుంచి పైకి పాకుతూనే ఉంది. హీప్ పరిమితిని నిర్ణయించే మాక్స్ ఓల్డ్ స్పేస్ సైజును 256 ఎంబీకి తగ్గించినా తేడా రాలేదు. ఆ సెట్టింగు హీప్‌కే వర్తిస్తుందన్న సంగతి నాకు ఆలస్యంగా తట్టింది. అర్రేబఫర్స్ (హీప్ బయట ఉండే బఫర్ల మెమరీ) విలువ కూడా 12 ఎంబీ దాటలేదు. థంబ్‌నెయిళ్ల తయారీకి వాడే షార్ప్ లైబ్రరీలో కాష్‌ను ఆపేసి, కాన్‌కరెన్సీని (ఒకేసారి నడిచే థ్రెడ్ల సంఖ్యను) 1కి తగ్గిస్తే, ఆగిపోవడం 14 గంటలకు వాయిదా పడింది, అంతే. బేస్ ఇమేజ్ డెబియన్.

డెబియన్‌లోని సీ లైబ్రరీ అయిన జీలిబ్‌సీలో మెమరీని కేటాయించే భాగం, అంటే అలొకేటర్, ఖాళీ అయిన మెమరీని ముక్కలుగా తన దగ్గరే అట్టిపెట్టుకోవడం వల్ల ఇలా జరగవచ్చని చదివాను కానీ, మరో అలొకేటరైన జెమాలక్‌కు మారితే లక్షణం పోయినా కారణం తెలియకుండానే మిగిలిపోతుంది. అలొకేటర్‌ను మార్చకముందే, ఇది ఫ్రాగ్మెంటేషనా (ఆ ముక్కల సమస్యా) లేక నేటివ్ కోడ్‌లో (షార్ప్ లాంటి లైబ్రరీల్లోని, జావాస్క్రిప్ట్ కాని కోడ్‌లో) నిజమైన లీకా అని నడుస్తున్న కంటైనర్‌లోనే తేల్చుకోవడం ఎలా?